రాగికి కోడి పడదు

పోయిన వారం హాస్టల్ మెస్ గురించి రాసిన భాగం చదివి చాలామంది విద్యార్థులు తమ అనుభవాలు రాసి పంపారు. అన్నీ చదివాను. జవాబులు ఇవ్వలేదు. ఇంట్లో ఒక గొడవ తెగక మనసు దాని మీదే ఉంది. ఈ భాగం ఆ గొడవ గురించే. ఊరికి పోయేటప్పుడు కుక్కను ఎవరి దగ్గర వదలాలి? నవ్వొస్తే నవ్వండి. ‘మేడంకు కుక్క వచ్చింది, కుక్కకు ఆయా వచ్చింది, ఇంక వివక్ష ఎక్కడుంది’ అనేవాళ్ళు కూడా ఉంటారని తెలుసు. చివరిదాకా చదివి అప్పుడు అనండి.

మా కుక్క పేరు రాగి. మూడేళ్ళ కింద కళ్యాణదుర్గం రోడ్డు పక్కన వానకు తడుస్తూ కనపడింది. మా జిల్లాలో ఏడాదంతా కలిపితే సుమారు 550 మిల్లీమీటర్ల వాన. ఆ కొంచెం వానలోనే తడిసి వణికే రాత మా రాగిది. దాని రంగు చూసి అమ్మ పేరు పెట్టింది. తినేది కూడా రాగి సంగటే. మొదట్లో సంగటిలో కోడిమాంసం కలిపి పెట్టేవాళ్ళం. చెవులు, కాళ్ళు గీక్కుని గీక్కుని పుండ్లు చేసుకునేది. పశువుల డాక్టరు ఒక్కో తిండీ మాన్పించి చూసి, దీనికి కోడి పడదని తేల్చాడు. అప్పటినుంచి పెద్దకూరే. చవక, మేమూ తినేదే, ఆదివారం ఒక కుండలోనే అయిపోతుంది. పుండ్లు మానాయి.

అమ్మకు బెంగళూరులో ఆపరేషన్ అనుకున్నప్పుడు రాగిని వారం రోజులు ఎక్కడ ఉంచాలో తెలియలేదు. పక్కింటివాళ్ళు కర్రతో తప్ప దాన్ని పలకరించరు. ఆన్‌లైన్‌లో వెతికితే మా ఊళ్ళోనే ఇంట్లో ఉంచుకుని చూసుకునే ఆమె ఒకరు దొరికారు. రేటింగ్ బాగుంది. ఐదు చుక్కలవి వదిలేసి మూడు చుక్కలు ఇచ్చిన ఒక్క మనిషి ఏం రాశాడో చదివాను. ఫోటోలు ఆలస్యంగా పంపుతుందని అతని ఫిర్యాదు. అది పెద్ద తప్పేం కాదు. ఫోటోలు తీస్తూ కూర్చుంటే కుక్కను ఎవరు చూస్తారు.

తనిఖీలో నేను గట్టిదాన్నే. నేరుగా ఇంటికి పోయాను. గేటు గడియ పెట్టి తీసి చూశాను. కుక్క ముక్కుతో ఎత్తితే లేచే గడియ అయితే అక్కడినుంచే తిరిగి వచ్చేదాన్ని. మధ్యాహ్నం పూట కుక్క ఎక్కడ పడుకుంటుందని అడిగాను. అనంతపురం ఎండలో మిద్దె మీద వదిలితే అరికాళ్ళు బొబ్బలెక్కుతాయి. ఒకేసారి ఎన్ని కుక్కల్ని తీసుకుంటారు, టీకాల కార్డు చూసి తీసుకుంటారా, పిడుదులకు మందు వేసినవాటినే రానిస్తారా, రాత్రి ఏమన్నా అయితే ఏ డాక్టరుకు ఫోన్ చేస్తారు అని అడిగాను. ఆమె ఇచ్చిన డాక్టరు నంబరుకు నేనే చేసి, ఆమె తెలుసా అని కనుక్కున్నాను. ముందు వదిలిన ఇద్దరితో మాట్లాడాను. ఆధార్ నకలు తీసుకుని నాదీ ఇచ్చాను. ఒక రాత్రి ఉంచి చూశాను. కుక్కల్ని పెంచి అమ్మేవాళ్ళకు 2017లో, పెంపుడు జంతువుల దుకాణాలకు 2018లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. ఇంట్లో నాలుగు రోజులు ఉంచుకునేవాళ్ళ మంచిచెడ్డలు మాత్రం మనమే చూసుకోవాలి. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం మూడో సెక్షన్, జంతువు ఎవరి చేతిలో ఉంటే దాని బాగోగుల బాధ్యత వాళ్ళదే అంటుంది. బాగానే ఉంది. అదే చట్టం పదకొండో సెక్షన్లో మొదటి తప్పుకు జరిమానా పది నుంచి యాభై రూపాయలు. యాభై రూపాయల భయంతో ఎవరూ గడియ సరిగ్గా పెట్టరు.

ఇవి కాక ఇంకో తనిఖీ చేశాను. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రాత్రి కూర్చుని ఆమె ఇంటిపేరు, స్నేహితుల జాబితా, పండగ ఫోటోలు వెతికాను. ఏ కులమో తెలిసేదాకా వెతికాను. తెలిసింది. కుక్కకు దానితో ఏం పని అని నన్ను నేను అడగలేదు.

మరుసటి రోజు ఆమె ఫోన్ చేసి, అడగాల్సిన ప్రశ్న అడిగింది. “మేడం, రాగి ఏం తింటుంది?”

2012 ఏప్రిల్లో ఉస్మానియాలో విద్యార్థులు పెద్దకూర పండగ చేసుకున్నప్పుడు ఇక్కడ కూర్చుని చప్పట్లు కొట్టినదాన్ని నేను. తిండి మీద సెమినార్లలో మాట్లాడాను, మీరు విన్నారు కూడా. ఆ ఫోన్లో మాత్రం, “పెరుగన్నం, గుడ్డు” అన్నాను. గొంతు కూడా తడబడలేదు.

కోడి పడదని కూడా చెప్పలేదు. ఈ చిన్న మెలికలోనే అంతా ఉంది. కోడి పడదంటే, మరి ఏ మాంసం పెడతారు అని అడుగుతుంది. మేక అంటే, రోజూ కుక్కకు మేక మాంసం పెట్టే లెక్చరర్ ఎవరబ్బా అనుకుంటుంది. ఆ ప్రశ్న రాకుండా ఉండాలంటే డాక్టరు చెప్పిన మాటే మింగాలి. మింగాను.

ఆపరేషన్ అయిన మూడో రోజు ఆసుపత్రి వరండాలో ఉండగా ఫోటో వచ్చింది. రాగి చెవి నెత్తురు. రెండు రోజులు పెరుగన్నం ముట్టలేదట. పాపం అని ఆమె తన డబ్బుతో అరకిలో కోడిమాంసం తెచ్చి, ఎముకలు తీసి, ఉడకబెట్టి పెట్టింది. ఆబగా తిందట. రాత్రంతా గీక్కుంది. పొద్దున్నే ఆటోలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయి సూది వేయించింది. “నా తప్పే మేడం, మిమ్మల్ని అడక్కుండా పెట్టినాను, డబ్బులు వద్దులే” అంది.

“పర్లేదమ్మా” అన్నాను. ఏడుపు గొంతుతో ఆమె క్షమాపణ అడిగితే, పెద్ద మనసు చేసుకుని క్షమించాను.

మా జేజినాయన రాయదుర్గం వైపు ఒక పెద్ద రైతు ఇంట్లో పశువుల కాడ జీతం ఉన్నాడు. ఏడాదికి ఇన్ని జొన్నలు, ఒక కంబళి. ఆవు ఈనలేక అవస్థ పడుతుంటే నడిరాత్రి మాదిగవాడకు కబురొచ్చేది. దూడ తప్పిపోతే జీతంలో కోత. 1976లో వెట్టి రద్దు చట్టం వచ్చింది. ఆ తర్వాత కూడా కొన్నేళ్ళు ఆ గడప దాటకుండానే ఆ ఇంటి మందను కాశాడు. ఆ ఇంటి కుక్క మాత్రం నడవాలో పడుకునేది. ఏటా తరగతిలో జాషువా ‘గబ్బిలం’ చెప్పేటప్పుడు, గుడిలోకి మనిషి పోలేని చోటికి గబ్బిలం పోతుందని చెప్తూ నాకు ఆ కుక్కే గుర్తొస్తుంది. మంద మొత్తం అప్పజెప్పినవాళ్ళకు ఆయన నమ్మకస్తుడా కాదా అనే అనుమానం ఎప్పుడూ రాలేదు. గడప దగ్గర అడ్డం పడింది వేరే.

అదే జేజినాయన కరువుకు బెంగళూరు మట్టిపనికి పోవలసొచ్చినప్పుడు తన నాలుగు మేకల్ని ఎవరికో వదలాలి. ఎవరింటికి పోయినా ముందు మనిషితో మాట్లాడేవాడు కాదట. “వాళ్ళ మేకల్ని చూడల్ల. గిట్టలు చూడల్ల, నీళ్ళతొట్టి అడుగు చూడల్ల. మడిసి యాడ పుట్నాడో మేకకేం తెల్సు” అనేవాడట. అమ్మ ఇది బెంగళూరు మంచం మీద పడుకుని చెప్పింది, రాగి ఫోటో చూశాక. ఎందుకు చెప్పిందో నాకు అర్థమైంది. నా ఫోన్లో నేనేం వెతికానో ఆమెకు తెలియదు గానీ, పెరుగన్నం మాట విన్నది.

బెంగళూరులోనే నా పాత విద్యార్థి ఒకమ్మాయి కలవడానికొచ్చింది. మడకశిర వైపు పిల్ల. పీజీ చదువుకుంటూ, ఆన్‌లైన్లో పేరు నమోదు చేసుకుని కుక్కల్ని చూసుకుంటుంది. తన పేజీలో ‘శాకాహార కుటుంబం’ అని పెట్టుకుంది. “ముందు నిజమే పెట్నా మేడం. నెలంతా ఒక్క పిలుపు రాలే. కుక్కలేమో మాంసం తినల్ల, నేను తినకూడదు” అని నవ్వింది. ఇంకో సంగతి చెప్పినప్పుడు నవ్వలేదు. ఆమె చేరినచోట ఆమె ఆధార్ అడిగారు, పోలీసు ధ్రువపత్రం అడిగారు. ఆమె పోయే ఇంటివాళ్ళను ఏమీ అడగలేదు. ఒక ఇంట్లో, ఊళ్ళో లేనన్న యజమాని రాత్రి తొమ్మిదికి తాళం తీసుకుని లోపలికొచ్చాడు. ఇంకో ఇంట్లో ఆమె పడుకునే గదిలోనే కెమెరా. ఇప్పుడు మొదటిసారి పోయేటప్పుడు స్నేహితురాల్ని వెంట తీసుకుపోతుంది, లొకేషన్ పంపుతుంది, కెమెరాలు ఎక్కడున్నాయో ముందే రాసి పంపమంటుంది. కొందరు కోపం చేసుకుని మానేస్తారు. మానేసేవాళ్ళు మానేయడమే మంచిది అంటుంది.

ఈ పని చేసుకుంటున్న పిల్లలు మీలో చాలామంది ఉన్నారని నాకు తెలుసు. ఆ అమ్మాయి జాగ్రత్తలు రాసిపెట్టుకోండి. శాకాహారం మాట మీద మాత్రం మిమ్మల్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు. నెలాఖరుకు జీతం పడే నేనే ఒక్క ఫోన్ కాల్లో చెప్పలేకపోయాను. కానీ దాని బిల్లు ఎవరు కట్టారో చూశాను. ఆమెను వంద ప్రశ్నలు అడిగిన నేను, ఆమె అడిగిన ఒక్క ప్రశ్నకు అబద్ధం చెప్పాను. కులం అడిగారని కాదు, అడుగుతారేమోనని. ఆమె మనసులో అసలు ఆ ఆలోచన ఉందో లేదో నాకు ఈ రోజుకూ తెలియదు.

వచ్చే నెల అమ్మను మళ్ళీ చూపించాలి. పోయిన ఆదివారం కాగితం మీద రాగి వివరాలన్నీ రాశాను. టీకాల తేదీలు, ఉరుములకు మంచం కింద దూరుతుందని, డాక్టరు నంబరు. తిండి అన్నచోట: సంగటి, పెద్దకూర. కోడి పడదు. పోయినసారి ఈ మాట దాచింది నేనే, తప్పు మీది కాదు, ఆ రోజు డాక్టరుకు కట్టిన డబ్బు ఇప్పుడు పంపుతున్నాను. ఫోటో తీసి ఆమెకు పంపాను. పగలంతా జవాబు లేదు. క్లాసులో రెండుసార్లు ఫోన్ చూసుకున్నాను, పిల్లలు గమనించారు.

రాత్రి పదికి వచ్చింది. డబ్బు వెనక్కి పంపింది. కింద ఒకే వాక్యం. “ఉడకబెట్టి మీరే తెచ్చిస్తారా, రోజుకు ఎంత పెట్టాలి?”

మీరే అన్న మాట దగ్గర కాసేపు ఆగాను. ఇంట్లో వండనివ్వరనా, వండటం రాదనా? అమ్మకు చదివి వినిపిస్తే, “ఎంత పెట్టాలని అడిగిందా లేదా? అది చూడు” అని లేచి, డబ్బాలు ఎన్నున్నాయో లెక్కపెట్టమంది. ఆరున్నాయి. ఇంకొకటి కొనాలి.