మారిషస్ ద్వీపయాత్ర: మేము నేర్చుకొన్న జాగ్రత్తలు

హైదరాబాదు నగరమున మాసబు ట్యాంకు అను పేరు వినినంతనే చెరువుగట్టును, గట్టుమీది గాలిని తలంచుకొని మా యింటికి వచ్చెడి చుట్టములు మొదట నిరాశ పడుదురు. కుతుబుషాహీల నాడు "మా సాహెబా" యని జనులు పిలుచుకొన్న రాణిగారి పేరిట వెలసిన తటాకమది. ఇప్పుడచ్చట నీరు లేదు. చాచా నెహ్రూ పేరిట నొక యుద్యానవనమున్నది. చుట్టును వాహనముల రొద యున్నది. పేరు మాత్రము జనుల నోట నలిగి నలిగి మాసబు ట్యాంకై మిగిలినది. అయినను వాన గట్టిగా కురిసిన నాడు పల్లపు వీథులలో నీరు నిలుచును. చెరువు పోయినను నీటికి త్రోవ మరపు రాదని మా వారనుచుందురు. ఆ మాట యెంతటి నిజమో సముద్రమున కావల నొక దీవిలో మాకు తెలియవచ్చినది.

మా మేడమీది గదిలో రెండేండ్లపాటు మారిషస్ దేశపు పిల్ల యొకతె అద్దెకుండెను. తెలుగు చదువుకొనుటకై వచ్చినది. ఆమె పూర్వులు విశాఖపట్టణపు సీమనుండి చెఱకుతోటల కూలికై యోడ నెక్కినవారు. 1834 మొదలుకొని నాలుగున్నర లక్షల మంది భారతీయులు అట్లు ఒప్పందపు కూలీలై యా దీవి చేరిరి. గోదావరి ముఖమునందలి కోరంగి రేవు పేరును బట్టి తెలుగువారి నచ్చట కొరింగీలనెడివారు. వారి యిండ్లలో నిప్పుడు మాటలాడునది క్రియోల్ భాష. తెలుగు మిగిలినది రామభజనపు పాటలలోను, సింహాద్రి అప్పన్న పూజలోను. ఆ కొఱత తీర్చుకొన వచ్చిన పిల్లకు మా వారు సాయంకాలములందు పాఠము చెప్పిరి. వారు పాతకాలపు పంతులుగారు; కావున నా పిల్ల మాటలాడిన వాచకము చదివినట్లుండెడిది. "అత్తయ్యగారూ, కాఫీ త్రాగెదరా?" యని యడిగినపుడెల్ల మా పిల్లవాడు మొగము త్రిప్పుకొని నవ్వెడివాడు.

చదువు ముగించి వెడలిన పిమ్మట, 2023 వేసవి సెలవులకు తమ యింటికి రమ్మని యామె పట్టుపట్టెను. మూడేండ్లు కట్టిన చీటి పైకము చేతికి వచ్చియుండెను. అడ్డుపడినవారు మా అత్తగారు. "అగ్నిపర్వతముల దీవియట! పసివానిని నిప్పుల గుండములోనికి తీసికొని పోవుదురా?" యనిరి. ఆ భయము నవ్వి త్రోసివేయదగినది కాదు. 2019 డిసెంబరు 9వ తేదీన న్యూజీలాండులోని వైట్ ఐలండ్ అను దీవిలో 47 మంది యాత్రికులును, దారిచూపువారును ఉన్న సమయమున నగ్నిపర్వతము ప్రేలి 22 మంది మరణించిరి. మన యండమాను సముద్రములోని బ్యారెన్ దీవియు 1991 నుండి పలుమారులు నిప్పు కక్కినది. దానిని యాత్రికులు పడవలోనుండి చూడవలసినదే గాని యొడ్డున దిగరాదు. అట్టి చోటులకు పోదలచువారు, ఆ కొండ మేలుకొని యున్నదో చల్లారినదో ముందుగా విచారించుకొనవలెను.

మారిషస్ కొండలు చల్లారినవి. సుమారు 80 లక్షల యేండ్లక్రిందట సముద్రములోనుండి పైకి లేచిన దీవి యది. గడచిన పదివేల యేండ్లలో నిప్పు కక్కిన జాడ లేదు. చిన్ననాడు మా తండ్రిగారు బడబాగ్నిని గూర్చి చెప్పునపుడు నీటిలో నిప్పెట్లుండునని మేమడిగెడివారము. ఆ దీవి నేలయంతయు దానికి సమాధానమే. మా యింటికి సమీపముననున్న బంజారా కొండల గండశిలలును ఒకనాడు కరగిన రాయియే. కాని యవి భూగర్భమున మెల్లగా చల్లారినవి, వానికి సుమారు 250 కోట్ల యేండ్లు. మారిషస్ రాయి పైకుబికి త్వరగా గట్టిపడినది; నల్లగా, తేనెపట్టువలె బొరియలతో నుండును. ఈ లెక్కలన్నియు చెప్పి అత్తగారి నొప్పించితిమి. లెక్క సరియైనదే. భయపడవలసిన వస్తువు నెంచుకొనుటలోనే మేము పొరబడితిమి.

ముంబయి మీదుగా విమానమున పోయి మే నెల నడుమ నా దీవిలో దిగితిమి. మనకు రోళ్లు పగులు ఎండకాలము. వారికది చలికాలపు ప్రారంభము. సాయంకాల మారుగంటలకు ముందే ప్రొద్దు గ్రుంకును. కొండదారులు నడువదలచినవారు నాలుగింటికే క్రిందికి దిగివలెనని ఆ పిల్ల మొదటినాడే హెచ్చరించెను. క్యూర్‌పీప్ అను పట్టణము దీవి నడిమి యెత్తుమీద నున్నది. అచ్చట శాలువ లేక నిలువజాలకపోతిమి. అచ్చటిదే త్రూ ఓ సెర్ అను పాత యగ్నిముఖము. మూడువందల మీటర్ల వెడల్పున గల పెద్ద గిన్నెవలె నుండి, లోపలివైపు చెట్లతో నిండియున్నది. నిప్పు చూతమని పోయిన మా పిల్లవాడు చిన్నబోయెను. లోపలికి దిగి వత్తునని వాడు కాలు పెట్టగా నా పిల్ల చేయి పట్టి వెనుకకు లాగెను. తేమకు నాచు పట్టిన రాయి, దానిమీద రాలిన యాకు. జారినచో పట్టుకొనుటకు ఆధారము లేదు.

గంగా తలావును చూచినపుడు మాత్రము మా మనసు కరగినది. అదియు నొక పాత యగ్నిముఖమే; అందు నీరు నిలిచి సరస్సైనది. 1972లో గంగాజలమును తెచ్చి యందు కలిపిరి. మహాశివరాత్రికి లక్షలకొలది జనులు తెల్లని బట్టలు కట్టి కాలినడకన వత్తురు. తలావు, తలాబు ఒక్కమాటయే గదా! మా సాహెబా తలాబు ఎండిపోయి పేరు మిగిలిన పేటనుండి వచ్చిన మేము, నిండుగా నీరున్న తలావు నొడ్డున చాలసేపు కూర్చుంటిమి. మెట్లు తడిసి జారును. కోతులు చేతిలోని ప్రసాదమును లాగికొనును. మా చేతిలోని యరటిపండ్లు పోయినవి.

ఇక సముద్రము. ఆ దీవి చుట్టును చాలవరకు పగడపు దిబ్బ యొక గోడవలె నున్నది. పెద్ద యలలు దానిమీద విరుగును; గోడకు నొడ్డునకు నడుమ నీరు పళ్లెములో పోసినట్లు నిలుకడగా నుండును. దక్షిణమున గ్రీ గ్రీ అను చోట ఈ గోడ లేదు. అచ్చట నలలు నల్లని కొండచఱియలను నేరుగా కొట్టుచుండును. అది స్నానమునకు తగినది కాదని పలకలమీద వ్రాసియున్నారు. చూచినవారికెవరికిని దిగవలెనను కోరిక పుట్టదు. కావున నచ్చట మాకు భయము లేకపోయినది. మోసము నిలుకడ నీటిలో నున్నది. ఏరులు సముద్రమున కలియు చోట్ల మంచినీటికి పగడపు పురుగు బ్రతుకజాలదు. అందుచేత నా చోట్ల గోడకు గండ్లు పడును. అలలు గోడమీదుగా లోపలికి త్రోసిన నీరంతయు మరల నా గండ్ల గుండ బయటికి పోవలెను. పైకి తెలియదు, అడుగున నది యొక నదియే.

నైరృతి తీరమున నొకనాటి ఉదయము మా వారును పిల్లవాడును నీట దిగిరి. మా వారికి ఈత రాదు, మొలలోతున నిలిచిరి. పదుమూడేండ్ల పిల్లవాడు నగరపు ఈతకొలనులో రెండు వేసవులు నేర్చినవాడు గనుక కొంత ముందుకు పోయెను. మేము ఒడ్డున గొడుగు క్రింద కూర్చుండి ఆ పిల్ల మామ్మగారిచ్చిన వేరుసెనగలు ఒలుచుచుంటిమి. తల యెత్తి చూచినపుడు వాడు దూరముగా నుండెను. మరల చూచితిమి, ఇంకను దూరము. చేతులు ఒడ్డువైపు వేయుచునే యున్నాడు, దేహము వెనుకకే పోవుచున్నది. హనుమంతుని నీడను పట్టి లాగిన సింహికను గూర్చి చదివితిమి గాని, పట్టపగలు కంటియెదుట చూతుమని యెన్నడనుకొంటిమి? మా వారు నీటిలోనికి పరుగెత్తబోగా ఆ పిల్ల వారిని చొక్కాపట్టి ఆపి, నోటికి చేతులొగ్గి యరచెను: "ఎదురీదకుము! ప్రక్కకు ఈదుము! ప్రక్కకు!"

వాచకపు తెలుగే. ఆ యాపదలో నామెకు వచ్చిన తెలుగదియే. వాడు వినెను. ఒడ్డువైపు వేయుచున్న చేతులు ఆపి, తీరమునకు సమముగా నెడమకు తిరిగెను. నూరడుగులు పోయినంతనే పట్టు సడలినది. అంతలో చేపలు పట్టు వృద్ధుడొకడు పడవ త్రిప్పుకొని వచ్చి వానిని పైకి లాగెను. ఒడ్డునకు చేర్చి, క్రియోల్ భాషలో మమ్ములను చాలసేపు తిట్టెను. ఏమనుచున్నాడని మా వారడుగగా నా పిల్ల, "అర్ధము చెప్పుట మర్యాద కాదు, గురువుగారూ," అనెను. ఆ మధ్యాహ్నము మేమన్నము తినలేకపోతిమి. మరునాడు మరల వానిని నీటికి పంపుట కష్టమైనది. పంపితిమి, ఆ వృద్ధుడు చూపిన చోట, అతడు పడవతో నున్న వేళకు. ఆటుపోటుల వేళలును గండ్ల తావులును ఊరివారిని అడుగక నీట దిగలేదు.

నీటిలో రబ్బరు జోళ్లు తీయరాదు. రాతిచేప యనునది రాయివలెనే పడియుండును. దాని వీపు ముండ్లు విషము. గ్రుచ్చుకొన్నచో, చర్మము కాలకుండ నోర్వగలిగినంత వేడినీటిలో కాలుంచి, వైద్యుని కడకు కొనిపోవలెను. జలపాతముల కడ ఆకాశము నిర్మలముగా నున్నను, పైన యెత్తున వాన పడినచో క్రింద నీరొక్కసారిగా పెరుగును. ఆపదకు వైద్యవాహనమునకై 114, అగ్నిమాపకులకు 115, రక్షకభటులకు 999 అని మేము చీటీమీద వ్రాసి మా వారి జేబులో నొకటి, పిల్లవాని జేబులో నొకటి యుంచితిమి.

ఆ పిల్ల మామ్మగారు మాకు గాలివాన సంగతులు చెప్పిరి, మనుమరాలు తెలిగించెను. నవంబరునుండి మే నడుమవరకు తుపానుల కాలము. హెచ్చరికలు నాలుగు తరగతులు. మొదటిది అపాయమునకు 36 మొదలు 48 గంటలకు ముందే వచ్చును. నాలుగవది గంటకు 120 కిలోమీటర్ల విసురుగాలి వీచినప్పటిది. 1960 ఫిబ్రవరిలో కేరల్ అను తుపాను వచ్చినపుడామె పదేండ్ల పిల్ల. రేకుల యిల్లు ఎగిరిపోయినది. గాలి యొక్కసారిగా ఆగినది. ఇరుగుపొరుగులు బయటికి వచ్చి రేకులు ఏరుకొనుచుండగా, ఆమె తండ్రి యందరిని లోపలికి తరిమెను. అది తుపాను కన్ను. కన్ను దాటినంతనే గాలి యెదుటి దిక్కునుండి మరల కొట్టినది. తరువాతనే దీవిలో కాంక్రీటు కప్పుల యిండ్లు పెరిగినవి. వారి పూర్వులు ఓడలెక్కిన నాటి కోరంగి రేవును 1839 నవంబరులో ఉప్పెన ముంచినదని మా వారు చెప్పగా, మామ్మగారు ఏదియో యని నవ్విరి. "గాలి మాకంటె ముందే మమ్మెఱుగును" అని యట.

పోర్ట్ లూయీ నగరము కొండల యడుగున నున్నది. ఆ కొండలును పాత యగ్నిపర్వతపు అంచులే. వాన పడినచో నీరంతయు నగరము మీదికే దిగును. 2013 మార్చి 30వ తేదీన నట్టి వరదలో 11 మంది పోయిరి. భూగర్భమార్గమున చిక్కుకొన్నవారును, వాహనములు నిలుపు నేలమాళిగలో చిక్కుకొన్నవారును అందులో నుండిరి. ఆ చోటులను మాకు చూపుచు నా పిల్ల, "వాన వచ్చినచో క్రిందికి దిగరాదు, పైకెక్కవలెను" అనెను. మా మాసబు ట్యాంకు పల్లము మాకు గుర్తువచ్చినది.

ఇంటికి వచ్చిన యెనిమిది నెలలకు, 2024 జనవరి 15, సంక్రాంతి. పొంగలి దింపుచుండగా బెలాల్ తుపాను వార్త తెలిసినది. పోర్ట్ లూయీ వీథులలో కారులు తేలిపోవుచున్న చిత్రములు చూచితిమి. ఆమె యుద్యోగమా నగరముననే. టెలిఫోను చేసితిమి, పలుకలేదు. మా అత్తగారు పొంగలి మూతవేసి దేవుని గదిలో కూర్చుండిరి. మా పిల్లవాడు టెలిఫోను చేతినుండి దింపలేదు. వారి గడియారము మనకంటె గంటన్నర వెనుక. ఆ లెక్క కట్టుకొనుచు రాత్రియైనది. తొమ్మిది దాటిన పిదప నామెయే పిలిచెను.

"అత్తయ్యగారూ, మేమందరము క్షేమము. కారు మాత్రము నీటిలో పోయినది."

మా పిల్లవాడు మా చేతినుండి టెలిఫోను లాగికొని, "అక్కా, ఎదురీదితివా?" యని యడిగెను.

"లేదు తమ్ముడా," అనెను ఆ పిల్ల. "మూడవ యంతస్తునకు మెట్లెక్కితిని."

చల్లారిన పొంగలిని మరల వెచ్చపెట్టితిమి.