రాళ్లవాన లెక్క రాసుకునే ఊరు

మంచు కురిసే దేశాల్లో చలికాలం వస్తే ఏ రోజు ఎన్ని అంగుళాలు పడిందో కొలిచి రాసుకుంటారు. మన దగ్గర మంచెక్కడిది అంటారా? ఫాల్గుణమాసంలో ఓసారి మరిపెడ వెళ్లి చూడండి. అక్కడా ఆకాశం నుంచి మంచు పడుతుంది. కాకపోతే ఆ మంచు కోసం ఎవరూ ఎదురుచూడరు... భయపడతారు.

ఖమ్మం, వరంగల్, మహబూబాబాద్, సూర్యాపేట... ఈ నాలుగు వైపుల నుంచి వచ్చే రోడ్లు కలిసే చోటు మరిపెడ. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరు నుంచి మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది. బస్సులో ‘బంగ్లా’ అని టిక్కెట్ అడిగితే చాలు, తీసుకొచ్చి సెంటర్లో దింపేస్తారు. అక్కడి నుంచి ఏ తండా వైపు నడిచినా ఫిబ్రవరి, మార్చి నెలల్లో కనిపించే రంగు ఒక్కటే- ఎరుపు. కల్లాల నిండా మిర్చి. ఆ ఘాటుకు కొత్తవాళ్లు తుమ్మకుండా పది అడుగులు వేయలేరు!

ఓ కల్లం దగ్గర పరదాలు మడతపెడుతున్న పెద్దాయనతో మాట కలిపాను. మంచు సంగతి ఎత్తగానే నవ్వాడు.

‘‘మంచు సూడాల్నంటే కశ్మీరుకు పోవుడెందుకు సారూ? అదే మా దగ్గరికి వస్తది. గని అది వచ్చిన యేడు మాకు తిననీకి ఉండదు’’ అన్నాడు.

ఇంట్లోకి తీసుకెళ్లి గోడ మీది క్యాలెండరు చూపించాడు. పాలవాడి లెక్కల పక్కనే కొన్ని తేదీల కింద పెన్నుతో గుర్తులున్నాయి. గాలిదుమారం వస్తే గీత. వాన పడితే చుక్క. రాళ్లు పడితే సున్నా. పాత క్యాలెండర్లనూ పారేయకుండా చుట్టచుట్టి దూలానికి చెక్కాడు. మృగశిర కార్తె నుంచి మళ్లీ ఎండాకాలం దాకా ఆయన రాసుకునే వాతావరణ పుస్తకం అదే.

ఇంతకీ ఎండలు మండే చోట మంచురాళ్లు ఎలా పుడతాయి? దానికి ఆ ఎండే ఓ కారణం. నేల బాగా వేడెక్కినప్పుడు బంగాళాఖాతం నుంచి వచ్చే తేమగాలి పైకి ఎగుస్తుంది. మేఘం పది కిలోమీటర్లు దాటి గోపురంలా పెరుగుతుంది. నాలుగైదు కిలోమీటర్ల ఎత్తు దాటితే అక్కడ నీరు గడ్డకట్టే చలి. పైకి లేచే గాలి నీటిచుక్కను ఆ చలిలోకి మోసుకుపోతుంది. అక్కడ పొర మీద పొర పేరుకుని, గాలి మోయలేనంత బరువయ్యాక రాయి కిందికి రాలుతుంది. పెద్ద రాయిని అడ్డంగా కోసి చూస్తే ఉల్లిగడ్డలో ఉన్నట్టే పొరలుంటాయి.

పది నిమిషాలు పడితే చాలు. చెట్టు మీది కాయ రాలిపోతుంది. కల్లంలోది తడిసిపోతుంది. తడిసిన మిర్చి రంగు పోయి తాలుగా మారితే ఖమ్మం మార్కెట్‌కు తీసుకెళ్లినా మంచి ధర రాదు. 2022 జనవరిలో సంక్రాంతి ముందు ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఇదే జరిగింది. 2023 మార్చిలోనూ రాళ్లవాన పంటలను దెబ్బతీసింది. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఇదే జిల్లాలోని పెద్దవంగర మండలం రెడ్డికుంట తండాకు వచ్చి పొలాలు చూశారు. ఎకరాకు పది వేల రూపాయల సాయం ప్రకటించారు.

రాళ్లవాన ఒక్కటే కాదు, ఈ ప్రాంతానికి ఏడాదిలో సగం రోజులు ఆకాశం కేసి చూడక తప్పదు. 2024లో పుబ్బ కార్తె ప్రవేశించిన రెండు రోజులకే, సెప్టెంబరు 1న, ఆకేరు వాగు పొంగింది. జిల్లాలో కొన్నిచోట్ల ఒక్కరోజులోనే 40 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. మరిపెడ మండలంలోని సీతారాం తండా మునిగిపోతే జనం మిద్దెలెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. పురుషోత్తమాయగూడెం దగ్గర ఆకేరు వంతెన మీద కారులో వెళుతున్న తండ్రీకూతుళ్లు కొట్టుకుపోయారు. కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కట్టే కోసుకుపోయింది.

ఇక తుపాన్ల సంగతి. సముద్రం ఎక్కడో, మరిపెడ ఎక్కడో అనుకుంటాం. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిగ్‌జాం ఖమ్మం దాకా వానలు తెచ్చింది. 2025 అక్టోబరు 28 రాత్రి నర్సాపురం సమీపంలో తీరం దాటిన మొంథా మర్నాడు వరంగల్‌ను ముంచెత్తింది. డోర్నకల్ స్టేషన్లో పట్టాలు నీళ్లలో మునిగి రైళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. పత్తి ఏరే వేళ, వరి కోసే వేళ అది.

వానకు లెక్క ఉంది. రాష్ట్రంలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ కేంద్రాలు దాన్ని కొలుస్తున్నాయి. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 64.98 సెంటీమీటర్లు పడిందని మనకు తెలిసింది వాటివల్లే. ఒక సెంటీమీటరు వాన పడిందంటే ఎకరా నేల మీద 40 వేల లీటర్ల నీళ్లు పడ్డట్టు. ఆ లెక్కన లక్ష్మీదేవిపేటలో ఎకరాకు 26 లక్షల లీటర్లు!

మరి రాయికి? వానను కొలిచే పరికరంలో పడ్డ రాయి కూడా కరిగి నీళ్లే అవుతుంది. అది రేగుపండంత ఉందా, నిమ్మకాయంత ఉందా అన్నది చూసినవాళ్లు చెప్పాల్సిందే. పైగా రాళ్లవాన ఊరంతా ఒక్కలా పడదు. ఈ చేను పోతుంది, గట్టు అవతల చేను మిగులుతుంది. 2020లో ఫసల్ బీమా నుంచి రాష్ట్రం బయటికి వచ్చాక నష్టపోయిన ప్రతిసారీ రైతుకు మిగిలింది సర్కారు సాయం కోసం ఎదురుచూపే.

‘‘సార్లు వచ్చేసరికి రెండొద్దులైతది. రాయి ఉంటదా మరి? కరిగిపాయె. ఎన్నడు వడ్డది, ఎంతసేపు వడ్డది అనడిగితే నోటితోని చెప్తే నమ్ముతరా? అందుకే రాసిపెడుత’’ అన్నాడు పెద్దాయన.

ఇప్పుడు ఆయన మనవరాలు సెల్‌ఫోన్‌తో తోడుగా నిలిచింది. పిడుగులు పడే సూచన ఉంటే చెప్పే ‘దామిని’ యాప్ చూస్తుంది. రాళ్లు పడితే పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీస్తుందట. ఫొటోకు తేదీ, సమయం ఉంటాయి కదా అని ఆ పిల్ల వివరించింది.

సాయంత్రం నాలుగున్నరకు పడమర నల్లబడింది. గాలి ఆగిపోయింది. ఎవరూ ఎవరినీ పిలవలేదు. పక్క కల్లాలవాళ్లు కూడా పరుగెత్తుకొచ్చారు. మిర్చిని కుప్ప చేసి పరదాలు కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టారు. నేనూ ఓ మూల పట్టుకున్నాను. ఉరుములు ఉరిమాయి. పెద్ద పెద్ద చినుకులు ఓ పాతిక పడి ఉంటాయి. అంతే... మబ్బు ఖమ్మం వైపు తరలిపోయింది.

అందరూ ఊపిరి పీల్చుకుని నవ్వుకున్నారు. పెద్దాయన మాత్రం చేతులు తుడుచుకుని నేరుగా ఇంట్లోకి నడిచాడు. ఆ రోజు తేదీ కింద పెన్నుతో ఓ చిన్న చుక్క పెట్టాడు.

సున్నా పెట్టే పని తప్పినందుకు ఆ రోజు ఆ ఇంట్లో టీలో ఒక చెంచా చక్కెర ఎక్కువే పడింది.