నా లెక్కల పిచ్చి

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు పెద్దలు. కొందరు గులాబీ మొక్కలు పెంచుతారు. కొందరు పాత నాణేలు పోగేస్తారు. ఇంకొందరు పొరుగింటి కబుర్లు పోగేస్తారు. నా పుర్రెకు నలభై దాటాక పుట్టిన బుద్ధి ఏమిటంటే, రాత్రి వంటిల్లు సర్దేశాక కంప్యూటర్ ముందు కూర్చుని లెక్కలు చేయడం. లెక్కలంటే ఇంటి జమాఖర్చులు కావు. పాలవాడి పద్దు, చీటీపాట పద్దు అంతకన్నా కావు. ఎవరికీ ఏ విధంగానూ పనికిరాని లెక్కలు! వాటి ముడి విప్పడానికి చిన్న చిన్న ప్రోగ్రాములు రాసుకోవడం.

ఈ సంగతి తెలిసినప్పుడు మనుషుల ముఖాలు చూడాలి. మావారు, "జీతమెంత ఇస్తారుట?" అన్నారు. పక్కింటి పిన్నిగారు, "అమ్మాయికి చెప్పడానికా?" అని అడిగారు. కాదండీ, సరదాకి అన్నాను. ఆవిడ నా నుదుటి మీద చెయ్యి వేసి చూడలేదు గాని, చూసినంత పని చేశారు. నా నవలలు చదివే ఒకామె, "నవలలు రాసే చేత్తో లెక్కలేమిటండీ, చెయ్యి పాడైపోదూ!" అని నిజంగానే బాధపడింది.

ఇంతకీ ఈ లెక్కలెలా ఉంటాయో చెప్పనివ్వండి. కోలిన్ హ్యూస్ అనే ఆయన 2001లో ఇలాంటి లెక్కలు కొన్ని కూర్చి, ఓపిక ఉన్నవాళ్ళు చేసుకోండని లోకం ముందు పెట్టాడు. పద్దెనిమిదో శతాబ్దపు గణితవేత్త ఆయిలర్ పేరు మీద దానికి ప్రాజెక్ట్ ఆయిలర్ అని పేరు పెట్టారు. ఆ ఆయిలర్ మహానుభావుడు కంటిచూపు పోయాక కూడా మనసులో లెక్కలు కట్టుకుని, పక్కవాళ్ళకు చెప్పి రాయించినవాడు. ఆ పేరుకు తగ్గట్టే ఈ పోగు పెరుగుతూ పెరుగుతూ 900 దాటింది. ఒక్కో లెక్కకూ జవాబు ఒక్క సంఖ్య. అది ఒప్పో తప్పో చెబుతారు, అంతే. బహుమతి లేదు, సన్మానం లేదు, శాలువా అసలే లేదు. మొదటి 100 లెక్కల గురించి ఎవరితోనైనా మాట్లాడుకోవచ్చు గాని, ఆపై వాటి గుట్టు బయటపెట్టవద్దని కోరతారు. అందుకని నేనిక్కడ చెప్పేవన్నీ మొదటి వందలోవే.

మొట్టమొదటి లెక్క చూడండి. వెయ్యికి లోపు ఉన్న సంఖ్యల్లో 3తో గాని, 5తో గాని నిశ్శేషంగా భాగించబడేవన్నీ కూడితే ఎంత? పదికి లోపైతే 3, 5, 6, 9. కూడితే 23. వెయ్యి దాకా వెళ్ళాలంటే మనకు తెల్లారుతుంది. కంప్యూటర్‌కు నాలుగు పంక్తుల్లో చెబితే, మనం వేలు తీసేలోగా 2,33,168 అని జవాబిస్తుంది.

అక్కడితో ఆగిపోవచ్చు. కాని కాగితం మీద చేస్తేనే దీని అందం తెలుస్తుంది. మేనరికం పెళ్ళికి విస్తళ్ళ లెక్క ఎలా వేస్తాం? మగపెళ్ళివారి జాబితా రాస్తాం, ఆడపెళ్ళివారి జాబితా రాస్తాం. రెండూ కూడేస్తే మధ్యలో ఇద్దరికీ కావలసిన చుట్టాలకు రెండేసి విస్తళ్ళు పడతాయి. అందుకని వాళ్ళను ఒకసారి తీసేస్తాం. ఇదీ అంతే. 3 తాలూకు చుట్టాలు 333 మంది, వాళ్ళ మొత్తం 1,66,833. 5 తాలూకువాళ్ళు 199 మంది, మొత్తం 99,500. రెండువైపులా కావలసినవాళ్ళు 15, 30, 45 వగైరాలు 66 మంది. వాళ్ళ మొత్తం 33,165 ఒకసారి తీసేస్తే సరిగ్గా కంప్యూటర్ చెప్పిన అంకె వస్తుంది. ఎన్ని పెళ్ళిళ్ళలో విస్తళ్ళు లెక్కపెట్టామో మనం! దానికి గణితమని పేరుందని ఒక్కరూ చెప్పరు.

నేను పదో తరగతి చదివేనాటికి లెక్కలంటే నాకు భయం లేదు. మార్కులూ బాగానే వచ్చాయి. ఎం.పి.సి. చదువుతానన్నాను. ఎం.పి.సి. ఉన్న కాలేజీ పక్క పట్నంలో ఉంది, పొద్దున్నే బస్సెక్కాలి. హెచ్.ఇ.సి. ఉన్న ఆడపిల్లల కాలేజీ మా వీధి చివర ఉంది. మా ఇంట్లో ఒక పెద్దాయన వక్క నోట్లో వేసుకుని, "ఆడపిల్లకి లెక్కలెందుకర్రా, పద్దు రాసుకోవడం వస్తే చాలదూ" అన్నారు. నాన్న ఆయన మాట కాదనలేకపోయారు. అలా నేను చరిత్ర, ఆర్థికం, పౌరశాస్త్రం చదివి, తర్వాత బి.ఏ.లో తెలుగు తీసుకుని, చివరకు నవలా రచయిత్రినయ్యాను. దానికి నాకు విచారం లేదు. తెలుగు చదివినందుకు ఈ జన్మకి సంతోషమే. కాని ఏళ్ళ తరబడి ఎవరైనా "మీరు ఆర్ట్స్ కదా, ఇది మీకు అర్థం కాదులెండి" అంటే, నేనూ తల ఊపేదాన్ని. పదిమంది పదిసార్లు అంటే నిజమే కాబోలు అనిపిస్తుంది కదా!

2020లో కరోనా వచ్చి అందరం ఇళ్ళల్లో పడ్డాం. మా అమ్మాయికి పాఠాలన్నీ కంప్యూటర్‌లోనే. నేను పక్కన చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ వినేదాన్ని. పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాములు రాయడం చెబుతున్నారు వాళ్ళకి. పేరు కొండచిలువదే గాని, మనిషిని మింగే రకం కాదు. వింటుంటే వ్యాకరణం పాఠం విన్నట్టే ఉంది. ఇది ఉంటే అది వస్తుంది, ఇది పరమైతే అది ఆదేశమవుతుంది. సంధి సూత్రాలు కంఠస్థం చేసినదానికి ఇదొక లెక్కా! అమ్మాయి పడుకున్నాక నేనూ కూర్చోవడం మొదలుపెట్టాను. మూడు వారాలకు మొదటి లెక్క అయింది. రెండో లెక్క దగ్గరికి వచ్చేసరికి నా కథ మలుపు తిరిగింది.

రెండో లెక్కలో సంఖ్యల వరుస ఒకటి ఇస్తారు. 1, 2, 3, 5, 8, 13, 21... వెనకటి రెండూ కూడితే తర్వాతది. 40 లక్షలు దాటకుండా ఈ వరుసలో వచ్చే సరిసంఖ్యల మొత్తమెంత అని ప్రశ్న. జవాబు 46,13,732. దానికి ఎంతో సేపు పట్టలేదు. ఈ వరుసను ఫిబొనాచీ సంఖ్యలంటారు. 1202లో ఇటలీ దేశస్థుడు కుందేళ్ళ సంతానాన్ని లెక్కకట్టి పుస్తకంలో రాశాడు. అయితే నా కళ్ళు మాత్రం అందులో ఉన్న 5 దగ్గర ఆగిపోయాయి.

కందపద్యంలో వచ్చే గణాలు ఎన్ని? తెలుగు చదివినవాళ్ళు నిద్రలో లేపి అడిగినా చెబుతారు. గగ, భ, జ, స, నల. అయిదు. అన్నీ నాలుగు మాత్రల గణాలు. బి.ఏ.లో కంఠతా పట్టాను. పరీక్షలో రాశాను. అయిదే ఎందుకు, ఆరోది ఎందుకు లేదు అని నన్నెవరూ అడగలేదు. నేనూ ఎవరినీ అడగలేదు.

ఇప్పుడు అడుగుదాం. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. నాలుగు మాత్రల గణం చివర ఏముంటుంది? లఘువైనా ఉండాలి, గురువైనా ఉండాలి. లఘువుంటే ముందు మిగిలేవి మూడు మాత్రలు. వాటిని మూడు విధాలుగా నింపవచ్చు. గురువుంటే మిగిలేవి రెండు మాత్రలు. వాటిని రెండు విధాలుగా నింపవచ్చు. మూడూ రెండూ అయిదు. కాబట్టి ఆరో గణం ఎక్కడ వెతికినా దొరకదు! అయిదు మాత్రలకు 8, ఆరు మాత్రలకు 13. వెనకటి రెండూ కూడితే తర్వాతది. జైన పండితుడు హేమచంద్రుడు 1150 ప్రాంతంలో ఈ సూత్రం చెప్పాడు. అంతకన్నా ముందే విరహాంకుడు చెప్పాడు. వాళ్ళిద్దరూ కుందేళ్ళ జోలికి పోలేదు, ఛందస్సు కోసమే లెక్క కట్టారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి. "ఆర్ట్స్ వాళ్ళకి అర్థం కాదులెండి" అన్న లెక్కను నేను ఇరవయ్యేళ్ళప్పుడే ఈలపాటలా వల్లె వేశాను! దాని మీద లెక్క అని ఎవరూ చీటీ అంటించలేదు, అంతే తేడా. నాకూ గణితానికీ మధ్య గోడ కట్టింది గణితం కాదు. పొద్దున్నే ఎక్కవలసిన ఆ బస్సు.

అసలు మన దగ్గర ఆ గోడ ఎప్పుడుండేది కనుక! మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు చేశాడు. పదకొండో శతాబ్దం వాడంటారు. ఎలా చేశాడు? పద్యాల్లో చేశాడు. ఆయన్ని కవి అనాలా, లెక్కల మాస్టారు అనాలా? ఏ గ్రూపు తీసుకున్నావయ్యా అని ఆయన్ని ఎవరూ అడిగి ఉండరు.

ఈ లెక్కల్లో ఇంకో నీతి ఉంది. మీరు రాసిన ప్రోగ్రాం మామూలు కంప్యూటర్ మీద ఒక్క నిమిషంలో జవాబు తేవాలంటారు. గంటల తరబడి తిరుగుతోందంటే యంత్రం చేత మోయిస్తున్నామే గాని మనం ఆలోచించలేదన్నమాట. పదిహేనో లెక్క దీనికి మంచి ఉదాహరణ. అడ్డంగా 20, నిలువుగా 20 గళ్ళున్న చదరం. పై ఎడమ మూల నుంచి కింది కుడి మూలకు గీతల వెంట వెళ్ళాలి. కుడివైపుకో, కిందకో తప్ప కదలకూడదు. ఎన్ని దారులున్నాయి? జవాబు 13,784 కోట్ల 65 లక్షల 28 వేల 820. సెకనుకు 10 లక్షల దారులు నడిచే యంత్రమైనా ఒక్కొక్కటీ నడిచి లెక్కపెట్టడానికి 38 గంటలు పడుతుంది.

ధనుర్మాసంలో ఒక సాయంత్రం మా అత్తయ్యగారు ముగ్గుల పుస్తకం ముందేసుకుని చుక్కలు పెట్టుకుంటుంటే, నేను పక్కన కూర్చుని ఈ లెక్క చెప్పాను. ఆవిడ అయిదో క్లాసు చదివారు. "దీనికి కంప్యూటరెందుకమ్మాయ్? ప్రతి చుక్కకీ రెండు చుక్కల నుంచే కదా రావాలి, పై చుక్క, ఎడమ చుక్క. ఆ రెండింటి దగ్గరున్న అంకెలు కూడి ఇక్కడ వెయ్యి" అన్నారు. అంచుల్లో చుక్కలన్నిటికీ ఒకట్లు వేసి, అయిదు గళ్ళ చదరానికి 252 అని తేల్చేసి, మళ్ళీ ముగ్గులో పడ్డారు. 20 గళ్ళ చదరమంటే వరసకు 21 చుక్కలు, 21 వరసలు. అంచులు పోను 400 కూడికలు. కంప్యూటర్‌కు కన్ను మూసి తెరిచేంత పని కూడా కాదు. అదే నేను ప్రోగ్రాంలో రాశాను.

ఆ చుక్కల చదరాన్ని మూల మీద నిలబెట్టి చూస్తే మేరు ప్రస్తారం. పింగళుడి ఛందస్సూత్రాలకు వ్యాఖ్య రాసిన హలాయుధుడు పదో శతాబ్దంలో దాన్ని వివరించాడు. స్కూలు పుస్తకాల్లో పాస్కల్ త్రిభుజం అంటారు. పాస్కల్ పదిహేడో శతాబ్దం వాడు. కుడికి వెళ్ళడాన్ని గురువనుకోండి, కిందికి దిగడాన్ని లఘువనుకోండి. 40 అక్షరాల పాదంలో 20 గురువులు, 20 లఘువులు ఎన్ని రకాలుగా పేర్చవచ్చో, ఆ చదరంలో అన్ని దారులు! మళ్ళీ తిరిగి తిరిగి పద్యం గుమ్మంలోకే వచ్చాం.

నవలలు మానేస్తావా అని అడుగుతున్నారు కొందరు. ఎందుకు మానేస్తాను? కాని మీకో రహస్యం చెబుతాను. నవలలో నా కథానాయిక చివర ఇల్లు వదిలి వెళ్ళిపోతే, ఎందుకు వెళ్ళిందని సగం ఉత్తరాలు. ఉండిపోతే, ఎందుకు ఉందని సగం ఉత్తరాలు. ఒప్పేదో తప్పేదో ఈ జన్మకి తేలదు. అక్కడ అలాగే ఉండాలి కూడాను. ఇక్కడ మాత్రం తేలిపోతుంది. నేను ఆడదాన్నా మగవాడినా, ఏ గ్రూపు చదివాను, ఎన్నో ఏట మొదలెట్టాను అని ఆ సంఖ్య అడగదు. ఒప్పయితే ఒప్పంటుంది. రోజంతా ఇంట్లో నలుగురి అభిప్రాయాల మధ్య నలిగే మనిషికి, రాత్రి పదిన్నరకు అలాంటి మాట ఒక్కటి వినడం ఎంత హాయో అనుభవిస్తే గాని తెలియదు.

కాబట్టి "నాకు లెక్కలు రావండీ" అనే మాట నోటి దాకా వచ్చినప్పుడు, ఆ మాట మొదట ఎవరన్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. మీరై మీరు అన్నది కాకపోవచ్చు.

పరీక్షగా ఒక చిన్న లెక్క ఇస్తున్నాను. మీ ఇంటికి పది మెట్లున్నాయనుకోండి. ఒక్కో అడుగుకు ఒక మెట్టో, రెండు మెట్లో ఎక్కవచ్చు. ఎన్ని రకాలుగా పైకి చేరవచ్చు? పెన్నూ కాగితం చాలు, కంప్యూటర్ అక్కర్లేదు. మెట్టును మాత్ర అనుకుంటే చాలు, కందపద్యం నడిచే లెక్కే ఇదీను. 89 వస్తే మీరు ఒప్పు. మరి ఆ 89 రకాలూ ఎక్కి చూస్తానంటే మీ ఇష్టం. మోకాళ్ళకు మాత్రం నా పూచీ లేదు!