పేజీకి పదమూడు నిమిషాలు

మన గ్రూపులో డీటీపీ పని చేసేవాళ్లు, నేర్చుకుంటున్నవాళ్లు చానామందే ఉన్నారు. "పేజ్‌మేకర్‌లో ప్రింట్ ఇస్తే ఎంతసేపటికీ రాదు, ఆఫీసులో మమ్మల్నే తిడతారు, ఏం చెయ్యాలి" అని ఈ మధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. మాకూ అదే జరిగింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ.

మేమిద్దరం మనుబోలు మండలంలోని యానాది కాలనీల పిల్లలం. డిగ్రీ అయినాక నెల్లూరులో ఒక ప్రింటింగ్ ఆఫీసులో పనికి చేరాం. మనుబోలు రైల్వే స్టేషన్‌లో ఎక్కి నెల్లూరులో దిగడం, రాత్రికి తిరిగి రావడం. ఆఫీసు పేరు ఇక్కడ రాయం, అవసరం లేదు. నాలుగు కంప్యూటర్లు, ఒక పెద్ద కలర్ లేజర్ ప్రింటరు, అన్నీ ఒక స్విచ్‌కి కేబుళ్లతో కలిపి ఉంటాయి. పెళ్లి కార్డులు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు, ఎన్నికలొస్తే కరపత్రాలు. పదో తరగతి ఫలితాలొచ్చిన వారం మాత్రం ఇంకేం ఉండదు, అన్నీ ప్రైవేటు స్కూళ్ల పాంప్లెట్లే. మీరందరూ చూసే ఉంటారు, ఒక్క పేజీలో వరసలు వరసలుగా పిల్లల ఫోటోలు, కింద మార్కులు.

ఆ వారంలోనే ఇబ్బంది మొదలైంది. ఇరవై నాలుగు ఫోటోలున్న పేజీకి ప్రింట్ కొడితే పదమూడు నిమిషాలు పట్టింది. బయట స్కూలు వాళ్లు బైకు మీద కూర్చుని హారన్ కొడతా ఉన్నారు. సీనియర్ ఆపరేటర్ అన్న రాలేదని మళ్లీ కొట్టాడు, మళ్లీ కొట్టాడు. ఆ మూడూ క్యూలో ఒకదాని వెనక ఒకటి చేరాయి. ప్రింటరు ఆపి మళ్లీ ఆన్ చేశారు. సగం పేజీ వచ్చి ఆగిపోయింది.

అప్పుడు ఓనరు గారు మా వైపు తిరిగి, "మీరొచ్చినప్పట్నుంచే గదా ఈ గోలంతా" అన్నాడు. పక్కనున్న ఇంకో ఆయన నవ్వుతా, "ఎలకలు పట్టుకునేవోళ్లని తెచ్చి కంప్యూటర్ ముందర కూర్చోబెడితే ఇట్టనే ఉంటాది" అన్నాడు. అందరూ నవ్వారు. పెన్ డ్రైవ్‌లో ఏదో వైరస్ తెచ్చామని, సెట్టింగులు కెలికామని తేల్చేశారు. ఆ నెల జీతంలో పట్టుకుంటామని కూడా చెప్పారు. మేము చేరింది మూడు నెలల ముందు, ప్రింటు నెమ్మదించింది ఆ వారం. ఆ లెక్క ఎవరూ అడగలేదు.

ఇది మనకి కొత్త కాదు. మన తాతల కాలంలో ఊళ్లో ఏ దొంగతనం జరిగినా ముందు యానాది గుడిసెకే వచ్చేవాళ్లు. బ్రిటిష్ వాళ్లు 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టం కిందికి మన వాళ్లని కూడా చేర్చారు. పుట్టుకతోనే నేరస్థులని రాసి పెట్టుకుని, పేర్లు పిలిచి హాజరు వేసుకునేవాళ్లు. మన జిల్లాలోనే బిట్రగుంట దగ్గర కప్పరాళ్లతిప్పలో సెటిల్‌మెంట్ పెట్టి అందులో ఉంచారు. వెన్నెలకంటి రాఘవయ్య గారి లాంటి వాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడారు. ఆ చట్టం పోయింది 1952 ఆగస్టు 31న, అంటే స్వాతంత్య్రం వచ్చిన ఐదేళ్లకి. చట్టం పోయినా ఆ అలవాటు పోలేదని ఆ సాయంత్రం ఆఫీసులో నిలబడి ఉన్నప్పుడు మాకు బాగా తెలిసింది.

మేము అక్కడ ఎదురు మాట్లాడలేదు. భయమనుకోండి, ఇంకేదన్నా అనుకోండి. పని పోతే ఇంట్లో ఇద్దరు చదువుకునేవాళ్లున్నారు. రైల్లో వస్తా మాట్లాడుకున్నాం. తప్పు ఎక్కడుందో మేమే కనుక్కోవాల, అదీ ఎవరూ కాదనలేనట్టు కనుక్కోవాల. ఒక నోట్‌బుక్కు కొన్నాం. చేసిన ప్రతి పనికీ ఎంతసేపు పట్టిందో ఫోన్‌లో టైము చూసి అందులో రాయాలని అనుకున్నాం.

మరుసటి రోజు అందరికంటే ముందు వెళ్లాం. మొదట క్యూలో మిగిలిపోయినవన్నీ తీసేశాం. విండోస్‌లో ప్రింట్ స్పూలర్ అని ఒక సర్వీసు ఉంటుంది, దాన్ని ఆపి, స్పూల్ ఫోల్డర్‌లో నిలిచిపోయిన ఫైళ్లు తీసేసి, మళ్లీ మొదలుపెట్టాలి. పాత జాబులు అడ్డం ఉంటే మనం చేసే పరీక్ష ఏదీ నమ్మడానికి లేదు.

తర్వాత నోట్‌ప్యాడ్‌లో నాలుగు లైన్లు కొట్టి ప్రింట్ ఇచ్చాం. టక్కున వచ్చింది. అంటే ప్రింటరు బాగుంది, మా కంప్యూటరు నుంచి ప్రింటరు దాకా దారి కూడా బాగుంది. ఈ ఒక్క పరీక్షతో వైరస్ కథ సగం పోయినట్టే.

ఆ తర్వాత పేజ్‌మేకర్‌లో మన సొంత కరపత్రం తీశాం. జూన్‌లో గిరిజన సంక్షేమ హాస్టళ్లలో చేరికలకి ఏమేం కాగితాలు కావాలో మన కాలనీల కోసం రాసి పెట్టుకున్నది. కుల ధృవీకరణ పత్రం, ఆధార్, టీసీ, అన్నీ పెద్దక్షరాల్లో. బొమ్మలు ఒక్కటీ లేవు. అదీ వెంటనే వచ్చింది. కాబట్టి పేజ్‌మేకర్ తప్పు కాదు, అను ఫాంట్ల తప్పూ కాదు.

ఇప్పుడు స్కూలు పాంప్లెట్. పేజ్‌మేకర్ ప్రింట్ డైలాగులో 'ప్రూఫ్' అని ఒక గడి ఉంటుంది, చానామంది దాని జోలికే పోరు. అక్కడ టిక్ పెడితే బొమ్మలు పంపకుండా, వాటి చోట ఉత్త గళ్లు గీసి, అక్షరాలు మాత్రం ప్రింట్ చేస్తుంది. పెట్టి కొట్టాం. సెకన్లలో వచ్చింది. టిక్ తీసి కొట్టాం. పదమూడు నిమిషాలు. సీనియర్ అన్న కంప్యూటర్ మీద కూడా అదే ఫైలు అదే టైము తీసుకుంది. ఇది నోట్‌బుక్కులో కింద గీత గీసి మరీ రాసుకున్నాం. మా కంప్యూటర్ల తప్పయితే ఆయన దాంట్లో ఎందుకు నెమ్మదిగా వస్తుంది?

తేలిందేంటంటే బరువంతా ఫోటోల్లో ఉంది. ఆ లెక్క కొంచెం వివరంగా చెప్తాం, ఇదే అసలు సంగతి.

స్కూలు వాళ్లు ఫోన్లో తీసిన ఫోటోలు పంపారు. ఒక్కొక్కటి 3000 పిక్సెళ్ల వెడల్పు, 4000 ఎత్తు. అంటే కోటీ ఇరవై లక్షల చుక్కలు. ఆఫీసులో అలవాటేంటంటే వాటిని ఫోటోషాప్‌లో తెరిచి టిఫ్‌గా సేవ్ చేయడం. జేపెగ్‌గా ఉన్నప్పుడు నలిగి చిన్నగా ఉంటుంది, టిఫ్ చేయగానే ఒక్కో చుక్కకి మూడు బైట్లు చొప్పున విప్పుకుంటుంది. ఒక్క ఫోటో 36 ఎంబీ. ఇరవై నాలుగు ఫోటోలకి 864 ఎంబీ. పేజీలో ఆ ఫోటో సైజు ఎంత? అంగుళం వెడల్పు, అంగుళంపావు ఎత్తు. ఆ సైజులో శుభ్రంగా ప్రింట్ కావడానికి అంగుళానికి 300 చుక్కలు చాలు. అంటే 300 వెడల్పు, 375 ఎత్తు. బరువు మెగాబైట్లో మూడో వంతు. మొత్తం పేజీకి 8 ఎంబీ దాకా. పేజ్‌మేకర్‌లో మౌసు పట్టి ఫోటోని చిన్నది చేసినంత మాత్రాన లోపల బరువు తగ్గదు. పడవని పక్కకి లాగి చిన్నగా కనిపించేట్టు చేసినా మోసేటప్పుడు అదే పడవ.

ఇంకో ముడి ఉంది. పెద్ద బొమ్మ పెట్టినప్పుడు పేజ్‌మేకర్ దాన్ని ఫైలు లోపల ఉంచాలా అని అడుగుతుంది. వద్దంటే బొమ్మ ఎక్కడుందో ఆ దారి మాత్రం గుర్తుపెట్టుకుంటుంది. ఆఫీసులో ఫోటోలన్నీ మూలనున్న ఒక కంప్యూటర్లో షేర్ ఫోల్డర్లో ఉంటాయి. అంటే ప్రింట్ కొట్టిన ప్రతిసారీ ఆ 864 ఎంబీ అంతా అక్కణ్ణుంచి కేబుల్లో నడిచి మన దగ్గరికి రావాల, ఆ తర్వాతే ప్రింటరుకి పోవాల.

అయినా లెక్క సరిపోలేదు. మా స్విచ్చి 100 ఎంబీపీఎస్‌ది. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి 864 ఎంబీకి లెక్క ప్రకారం 70 సెకన్లు. కొంచెం అటూ ఇటూ అయితే రెండు నిమిషాలు. పదమూడు ఎందుకవతాయి? అదే 10 ఎంబీపీఎస్ అయితే పదకొండున్నర నిమిషాలు. ఇది పదమూడుకి దగ్గరగా ఉంది. మూల కంప్యూటర్లో నెట్‌వర్క్ కనెక్షన్ స్టేటస్ తెరిచి చూశాం. స్పీడ్ దగ్గర 10 అని ఉంది. మిగతా మూడింట్లో 100.

కేబులు వెంబడి చెయ్యి పెట్టుకుంటా పోయాం. బీరువా వెనక, పాత కాగితం రీములు పేర్చిన చోట, నేల మీద నల్లటి గింజల్లాంటివి పడున్నాయి. మాలో ఒకరి నాయన వరి చేలల్లో పొగ కుండ పెట్టి ఎలకలు పట్టిన మనిషి. ఏది పాత పెంట, ఏది నిన్న రాత్రిది, బొక్క ఏ వైపుంటుంది, ఇవన్నీ చిన్నప్పుడే ఆయన వెంట తిరిగి చూసిన సంగతులు. ఒక్క నిమిషంలో దొరికింది. కేబుల్ మీద తొడుగు జానెడు మేర కొరికేసి ఉంది, లోపల తీగలు రాగి బయటపడి ఒకదానికొకటి తగులుతున్నాయి. పూర్తిగా తెగితే ఆ రోజే తెలిసేది. సగం తెగింది కాబట్టి వేగం పడిపోయి కూర్చుంది. ఎలకలు పట్టేవోళ్లని తెచ్చి కూర్చోబెట్టడం వల్ల ఆఫీసుకి జరిగిన లాభం అది. ఈ మాట ఆ పక్కాయనకి మేము చెప్పలేదు, మీకు చెప్తున్నాం.

కొత్త కేబుల్ వేసి స్టేటస్ చూస్తే 100 వచ్చింది. అదే పేజీ రెండు నిమిషాల లోపే వచ్చింది. తర్వాత ఫోటోషాప్‌లో ఒక యాక్షన్ రికార్డు చేసి, ఇరవై నాలుగు ఫోటోల్నీ ఒకేసారి 300 చుక్కల రిజల్యూషన్‌తో కావలసిన సైజుకి తగ్గించి, వాటిని పెట్టి కొట్టాం. పదిహేను సెకన్లు. పాత ప్రింటు, కొత్త ప్రింటు పక్కపక్కన పెట్టి చూపిస్తే ఏది ఏదో ఓనరు గారికి తెలియలేదు.

ఇంకో చిన్న సంగతి కూడా బయటపడింది. పాత ఫైళ్లు కొన్ని తెరవడానికే నిమిషం పట్టేది, ఫాంటు మారిస్తే గడ్డకట్టేది. పేజ్‌మేకర్ ఫైలు ఏ ప్రింటరు కోసం తయారైందో దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. డాక్యుమెంట్ సెటప్‌లో 'కంపోజ్ టు ప్రింటర్' అని ఉండేది అదే. ఆ ఫైళ్లలో ఎప్పుడో తీసేసిన ప్రింటరు పేరుంది. లేని ప్రింటరుని నెట్‌వర్క్‌లో వెతుక్కుంటా కూర్చునేది పాపం. ఇప్పుడున్నది ఎంచుకుని సేవ్ చేస్తే సరిపోయింది. మీ ఆఫీసుల్లో ఇది ముందు చూడండి, ఖర్చు లేని మందు.

ఇంత పాత సాఫ్ట్‌వేర్ ఇంకా ఎందుకని కొందరు అడగొచ్చు. పేజ్‌మేకర్ పుట్టింది 1985లో, ఆల్డస్ కంపెనీ దగ్గర. 1994లో అడోబీ చేతికి వచ్చింది, 7.0 వెర్షన్ 2001ది, దాని తర్వాత ఇంకోటి రాలేదు. అడోబీ 1999లోనే ఇన్‌డిజైన్ తెచ్చింది. కానీ మన దగ్గర ఏళ్ల తరబడి చేసిన పనంతా అను ఫాంట్లలో ఉంది. ఆ ఫాంట్లు యూనికోడ్ కాదు, తీసుకెళ్లి ఇంకో చోట పెడితే గజిబిజి. అందుకే చిన్న ప్రెస్సుల్లో ఇంకా అదే నడుస్తా ఉంది. మీరు పనికి పోతే అదే చేయాల్సి వస్తుంది. యూనికోడ్ కూడా పక్కన నేర్చుకోండి, రెండూ వచ్చినోళ్లకి పని తొందరగా దొరుకుతుంది.

నోట్‌బుక్కు, కొరికిన కేబులు ముక్క రెండూ ఓనరు గారి టేబుల్ మీద పెట్టాం. టైములు ఒక్కొక్కటీ చదివి వినిపించాం. ఆయన కేబుల్ ముక్కని తిప్పి తిప్పి చూశాడు. సారీ అనలేదు. సీనియర్ అన్న మాత్రం, "ఆ ప్రూఫ్ గడి ఎక్కడుందో నాక్కూడా చూపించండి" అన్నాడు. ఆ అన్న మంచోడే, ఆ సాయంత్రం నవ్విన వాళ్లలో లేడు. జీతంలో పట్టుకుంటామన్న మాట మళ్లీ రాలేదు, పూర్తిగానే ఇచ్చారు. రెండో రోజు కేబుళ్లన్నిటికీ ప్లాస్టిక్ పైపు వేయించారు. "ఎలకల్ని అడిగావా" అని ఆ పక్కాయన ఇప్పటికీ ఒకోసారి అంటాడు. వినిపించుకోం, ఒకోసారి వినిపించుకుంటాం కూడా.

ఆ గొడవలో పరీక్షకి వాడిన మన హాస్టల్ కరపత్రాన్ని రాత్రి పని అయినాక, కాగితం మేము కొనుక్కుని, ఐదు వందలు ప్రింట్ తీసుకున్నాం. మనుబోలు, వెంకటాచలం వైపు కాలనీల్లో ఇల్లిల్లూ తిరిగి ఇచ్చాం. చదవడం రాని చోట కూర్చుని చదివి చెప్పాం. బాతుల వెంట పోయే పిల్లలున్న ఇళ్లకి రెండోసారి కూడా పోయాం. ఇంకా నూటయాభై దాకా మిగిలి ఉన్నాయి. గూడూరు, ముత్తుకూరు వైపు వాళ్లు ఎవరైనా కావాలంటే మీ కాలనీ పేరు, ఎన్ని కావాలో చెప్పండి. సాయంత్రం రైలు దిగినాక మనుబోలు స్టేషన్ బయట మేమే చేతికిస్తాం.