కార్ఖానా నుంచి మింట్ వీధి దాకా

సికింద్రాబాద్ కార్ఖానాలో నేను దిగింది ఒక రిటైర్డ్ సుబేదారు ఇంట్లో. ఆదివారాలు ఆయన నలుగురు కుర్రాళ్లను వెంటేసుకుని కంటోన్మెంటులోని పాత సమాధుల తోటకు వెళ్లి పిచ్చిమొక్కలు కొట్టించేవాడు. ఎవరికీ పైసా ముట్టేది కాదు. "ఆడ ఒక యూదు సిపాయి సమాధి కూడ ఉన్నది సార్, మా ముసలోళ్లు చెప్పిండ్రు" అన్నాడు. పొద్దున్నే ఆయనతో వెళ్లాను. సర్కారు తుమ్మ నరికిన చోట శిలువలు, రెక్క విరిగిన దేవదూత బొమ్మ కనిపించాయి. ఆయన చూపించిన రాయి మీద అక్షరాలు అరిగిపోయి ఉన్నాయి. వేలితో తడిమాను. ఏ భాషో కూడా తేలలేదు.

"వాళ్లు ఎట్ల పూడుస్తరు సార్?" అని అడిగాడు, కొడవలి కడుగుతూ. తెలిసినంత చెప్పాను. యూదులున్న ఊళ్లలో హెవ్రా కదీషా అనే సేవాబృందం ఉంటుందని, మగవాళ్ల దేహానికి మగవాళ్లు, ఆడవాళ్లకు ఆడవాళ్లు స్నానం చేయిస్తారని, జేబుల్లేని తెల్లబట్టలు తొడుగుతారని, ధనవంతుడికైనా కూలివాడికైనా అవే బట్టలని చెప్పాను. చనిపోయినవాడు తిరిగి ఏమీ ఇవ్వలేడు కాబట్టి అన్నిటికన్నా నిజమైన దయ ఇదేనని వాళ్ల నమ్మకం. చనిపోయినవారి కోసం కద్దీష్ ప్రార్థన చదవడానికి పదిమంది కూడాలి.

"పదిమంది లేకుంటే?" అన్నాడాయన.

ఆ ప్రశ్నతోనే, మద్రాసులోని యూదుల సమాధులు చూద్దామని, రాత్రి సికింద్రాబాద్‌లో రైలెక్కాను. నిద్ర సరిగా పట్టలేదు.

మద్రాసు యూదుల కథ మన గోల్కొండ వజ్రాలతోనే మొదలైంది. 17వ శతాబ్దిలో పోర్చుగీసు యూదు వర్తకులు ఓడల్లో పగడాలు తెచ్చి అమ్మి, ఇక్కడి వజ్రాలు కొనుక్కుపోయారు. వారిలో జాక్ డి పైవా 1687లో చనిపోతే పెద్దనాయకన్‌పేటలో పూడ్చారు. వజ్రాల బేరం సన్నగిల్లాక మనుషులు వెళ్లిపోయారు. సమాధులు కూడా ఉన్నచోట ఉండలేదు. పెద్దనాయకన్‌పేట మింట్ వీధిలోని ఆ సమాధుల స్థలం 1934లో బడికి పోయింది. రాళ్లు కాసిమేడు చేరాయి. అక్కడ హార్బరు పెంచాల్సి వచ్చి 1983లో లాయిడ్స్ రోడ్డుకు వచ్చాయి.

లాయిడ్స్ రోడ్డులో ఆటో అతనికి ఆ చోటు తెలియలేదు. పూలమ్మే ఆమె మద్రాసు తెలుగులో, "అదా? ఎప్పుడూ తాళమేసే ఉంటాది. ఎవురూ రారు సామీ" అంది. కాసేపటికి తాళం తీసే మనిషి దొరికాడు. లోపల జాగా చిన్నది, ఇరవైకి లోపే సమాధులు. పాత పలక ఒకదాని మీద వంగి చూశాను. హీబ్రూ అక్షరాల గాట్లలో మట్టి పేరుకుపోయింది. అంచున మూడు గులకరాళ్లు వరసగా పెట్టి ఉన్నాయి. సమాధి మీద పూలకు బదులు రాయి పెట్టడం యూదుల అలవాటు. ఎవరు పెట్టారో తనకు తెలియదన్నాడు అతను. ఊడ్చేదీ, గడ్డి పీకేదీ అతనే. యూదుడు కాడు. కలకత్తాలో యూదుల ప్రార్థనాలయాలైన సినగాగులను తరతరాలుగా ముస్లిం కుటుంబాలే చూసుకుంటున్న సంగతి గుర్తొచ్చి, అతని పట్ల గౌరవం కలిగింది.

"సమాధులన్నీ భద్రంగా తెచ్చి ఇక్కడ పెట్టారు" అన్నాడు తమిళంలో. రాళ్లేనా, ఎముకలు కూడానా అని అడిగాను. కాస్త ఆగి "అన్నీ" అన్నాడు. యూదుల ధర్మం ప్రకారం ఒకసారి మట్టిలో పెట్టిన మనిషిని ఊరికే కదిలించకూడదు. 1934లో ఏం జరిగిందో చూసినవాళ్లెవరూ నాకు దొరకలేదు.

సాయంత్రం మింట్ వీధికి వెళ్లాను. యూదుల సమాధుల తోట ఎక్కడుండేదని అడిగితే పాత్రల కొట్టాయన "ఆ బడి ఉన్నచోటే" అని కుడివైపు చూపించాడు. పక్క కొట్టులోని పెద్దాయన, తెలుగాయనే, "కాదు నాయనా, వెనక సందులో" అని ఎడమవైపు చెయ్యెత్తాడు. రెండు చోట్లకూ నడిచాను. ఒకచోట పిల్లలు బడి వదిలి బయటికొస్తున్నారు. రెండోచోట స్టీలు సామాన్ల గోడౌను ముందు లారీలోంచి సరుకు దించుతున్నారు.