కినబటాంగన్: గట్టు వెంట మిగిలిన అడవి

సాయంత్రం నాలుగవుతుండగా సుకావ్ ఊరి రేవుల నుంచి పడవలు ఒక్కొక్కటిగా కదులుతాయి. పదిమంది లోపే పట్టే చిన్న పడవలు. అందరికీ లైఫ్ జాకెట్లు, వెనక మోటారు పట్టుకుని సరంగు, చుట్టూ ఎర్రమట్టి నీళ్లు. మలేసియాలో రెండో పొడవైన నది కినబటాంగన్ ఇదే. బోర్నియో ద్వీపపు ఈశాన్య భాగంలో, సబా రాష్ట్రంలోని కొండల్లో పుట్టి 560 కిలోమీటర్లు పారి సులు సముద్రంలో కలుస్తుంది. చివరి భాగంలో నేల బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి నది మెలికలు తిరిగి తిరిగి పోతుంది. పాత మెలికలు తెగిపోయి మడుగులుగా మిగిలాయి. వరదొస్తే గట్ల మీది అడవి నీళ్లలో నిలబడుతుంది. ఈ వరద మైదానాన్ని చూడ్డానికే ప్రపంచం నలుమూలల నుంచీ జనం వస్తారు.

సాయంత్రమే బయల్దేరడానికి కారణం పెద్దముక్కు కోతి. బోర్నియోలో తప్ప ఇది లోకంలో మరెక్కడా లేదు. పగలు లోపలి అడవిలో మేసి, పొద్దు వాలేసరికి నది ఒడ్డున చెట్లకు చేరుకుంటుంది. నీటి మీదికి వంగిన కొమ్మల చివర్న రాత్రి గడపడం దానికి భద్రం. మబ్బు మచ్చల చిరుత వచ్చినా ఒక్క వైపు నుంచే రావాలి. సరంగు మోటారు ఆపి చెయ్యి చూపిస్తాడు. మొదట గుబురు తప్ప ఏమీ కనిపించదు. కొమ్మ ఒకటి ఊగుతుంది, తెల్లటి తోక వేలాడుతుంది, ఆ తర్వాత మొత్తం కుటుంబం కళ్లబడుతుంది. మగది ఇరవై కిలోల దాకా తూగుతుంది, ఆడది అందులో సగం. మగదాని ముక్కు పెదవులు దాటి కిందికి జారి ఉంటుంది. అరిచినప్పుడు ఆ ముక్కులోంచి వచ్చే గుర్రుమనే శబ్దం అవతలి ఒడ్డుకు వినిపిస్తుంది. ఒక మగదాని చుట్టూ ఆడవీ, పిల్లలూ ఉంటాయి. జత దొరకని కుర్ర మగవి వేరే గుంపు కట్టుకుంటాయి.

దాని బానపొట్ట సంగతి ఇంకా ఆసక్తికరం. ఆవుకున్నట్టే ఆ పొట్టలోనూ గదులున్నాయి. ఆకుల్ని అక్కడి సూక్ష్మజీవులు పులియబెట్టి అరిగిస్తాయి. అందుకే ఇది పచ్చికాయలూ గింజలూ తింటుంది గానీ తియ్యటి పండ్ల జోలికి పెద్దగా పోదు. పండులోని చక్కెర గబగబా పులిస్తే పొట్ట ఉబ్బి ప్రాణం మీదికొస్తుంది. సుకావ్ పక్కన కలిసే మెనంగుల్ అనే ఉపనది గట్ల మీద ఏళ్ల తరబడి ఈ కోతుల్ని గమనించిన జపాన్ పరిశోధకుడు ఇక్కి మత్సుదా బృందం, ఇవి తిన్నది మళ్లీ నోట్లోకి తెచ్చుకుని నములుతాయని 2011లో ప్రకటించింది. కోతిజాతిలో నెమరు లాంటి ఈ అలవాటును అంతకుముందు ఎవరూ నమోదు చెయ్యలేదు.

నా మటుకు నాకు పెద్దనది కన్నా ఈ మెనంగుల్ పాయే ఇష్టం. రెండు గట్ల కొమ్మలూ నెత్తిమీదికి వచ్చేంత సన్నటి దారి అది. కోతులు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు దూకాలంటే ఇలాంటి సన్నటి చోటే చూసుకుంటాయి. ఈత వచ్చు, కాలివేళ్ల మధ్య కొంత చర్మం కూడా ఉంటుంది. అయినా కింద ఉప్పునీటి మొసళ్లున్నాయి మరి. బోర్నియోలో ఉండే ఎనిమిది రకాల హార్న్‌బిల్ పక్షులూ ఈ నదీ ప్రాంతంలో ఉన్నాయి. ముక్కు మీద ఎర్రటి కొమ్మున్న పెద్ద హార్న్‌బిల్ ఎగురుతుంటే రెక్కల చప్పుడు ముందు వినిపిస్తుంది, పక్షి తర్వాత కనిపిస్తుంది. రాత్రి టార్చిలైటు వేసుకుని వెళ్తే చిటికెన వేలంత కొమ్మ మీద లకుముకి పిట్ట మెడ ముడుచుకుని నిద్రపోతుంటుంది. పడవ మూరెడు దూరానికి వచ్చినా కదలదు. అలాంటప్పుడు లైటు ఎక్కువసేపు దాని మీద ఉంచకూడదు.

ఒరాంగుటాన్ కనిపించడం మాత్రం అదృష్టమే. మర్రి, మేడి జాతి చెట్లు కాపు మీదున్నాయా అని సరంగుల్ని అడిగితే ఆశ ఉందో లేదో చెబుతారు. ఏనుగుల గుంపు వచ్చిందంటే ఆ కబురు పడవ నుంచి పడవకు పాకుతుంది. బోర్నియో ఏనుగు ఆసియా ఏనుగుల్లో చిన్నది. దీనిది ప్రత్యేకమైన వంశమని 2003లో డీఎన్‌ఏ పరీక్షలు తేల్చాయి. అడవుల్లో మిగిలినవి వెయ్యి దాకా ఉంటాయని అంచనా.

ఇన్ని జంతువులు ఇంత సులువుగా ఎందుకు కనిపిస్తున్నాయి? ఈ ప్రశ్న వేసుకోకుండా కినబటాంగన్ నుంచి తిరిగి రాకూడదు. దట్టమైన వానాడవిలో నిజానికి ఏదీ కనిపించదు. ఇక్కడ కనిపిస్తున్నాయంటే వెనక్కి వెళ్లడానికి వాటికి చోటు లేక. సండకాన్ పట్నం నుంచి సుకావ్‌కు రోడ్డు మీద రెండు గంటల పైచిలుకు ప్రయాణం. దారిలో చాలా భాగం రెండు వైపులా పామాయిల్ తోటలే. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో కలప కంపెనీలు పెద్ద మానుల్ని నరికేశాయి, ఆ వెనకే పామాయిల్ వచ్చింది. కొన్నిచోట్ల తోట నీటి అంచు దాకా దిగింది. మిగిలిన అడవిలో సుమారు 26,000 హెక్టార్లను 2005లో అభయారణ్యంగా ప్రకటించారు. అదీ ఒకచోట లేదు, పది ముక్కలుగా ఉంది. ముక్కకూ ముక్కకూ మధ్య తోటలు, కాలువలు, ఊళ్లు, రోడ్లు.

ఒరాంగుటాన్‌కు ఈత రాదు. పెద్ద చెట్లున్న రోజుల్లో పాయల మీదుగా కొమ్మలు కలిసేవి, దాటిపోయేది. ఆ చెట్లు పోయాక, హుటాన్ అనే సంస్థ సుకావ్ వాళ్లతో కలిసి పాయల మీద తాళ్ల వంతెనలు కట్టింది. అగ్నిమాపక దళం వాడి పారేసిన గొట్టాలు కూడా అందుకు పనికొచ్చాయి. ఏళ్లు గడిచాక 2010లో ఒక ఒరాంగుటాన్ ఆ తాడు పట్టుకుని దాటుతూ ఫొటోకు దొరికింది.

మనుషుల వంతెన కథ వేరు. సుకావ్ దగ్గర నది మీద వంతెన కట్టాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు ఏనుగుల దారి తెగిపోతుందని పరిశోధకులు అడ్డుచెప్పారు, ప్రకృతి చిత్రాల వ్యాఖ్యాత డేవిడ్ అటెన్‌బరో కూడా గొంతు కలిపారు. 2017లో సబా ప్రభుత్వం దాన్ని విరమించుకుంది. అది సరైన నిర్ణయమే అంటాను. కానీ అర్ధరాత్రి రోగిని పడవలో దాటించాల్సిన కుటుంబం ముందు నిలబడి ఆ మాట తేలిగ్గా అనలేం. అడవిని కాపాడే భారం గట్టు మీది ఊళ్ల నెత్తిన మాత్రమే పెట్టడం న్యాయం కాదు. ఆ ఊళ్లవాళ్లు ఒరాంగ్ సుంగై, తరతరాలుగా ఈ నదినే నమ్ముకున్నవాళ్లు. పేము, తేనెమైనం, దగ్గర్లోని గోమంటోంగ్ గుహల్లో పిట్టలు ఉమ్మితో కట్టే గూళ్లు ఈ ప్రాంతం నుంచి ఎప్పటినుంచో చైనా వర్తకులకు చేరేవి. ఆ గూళ్ల కోసం ఇప్పటికీ పేము నిచ్చెనలెక్కి గుహ కప్పు దాకా వెళ్తారు.

ఇక మన సంగతి. పామాయిల్‌ను ప్రపంచంలో అందరికన్నా ఎక్కువగా దిగుమతి చేసుకునేది భారతదేశమే, అందులో మలేసియా సరుకు గణనీయం. మిర్చిబజ్జీల బాణలి దగ్గర్నుంచి బిస్కెట్లూ సబ్బుల దాకా అది మన ఇళ్లలో ఉంది. మానెయ్యమనడం నా ఉద్దేశం కాదు. అదే నేలలో ఆ పంట ఇచ్చినంత నూనె మరే పంటా ఇవ్వదు. కానీ నది గట్టు దాకా నాటిన తోటలో వెనక్కి జరిగి నాలుగు వరసలు అడవికి వదలమని అడిగే హక్కు, కొనేవాళ్లుగా మనకుంది. ఆలస్యమైతే ఏమవుతుందో సబా ఒకసారి చూసింది. మలేసియాలో చివరి సుమత్రా ఖడ్గమృగం 2019 నవంబరులో ఈ రాష్ట్రంలోనే చనిపోయింది.

వెళ్లదలచుకున్నవాళ్లకు రెండు మాటలు. మార్చి, అక్టోబరు నెలల మధ్య వెళ్లండి, ఆ తర్వాత వానలూ వరదలూ ముంచెత్తుతాయి. హడావిడిగా ఒక్క పూటలో చుట్టి రాకుండా రెండు రాత్రులైనా ఉండండి. సాయంత్రం పడవతో పాటు తెల్లవారుజాము పడవ కూడా ఎక్కండి. ఖరీదైన లాడ్జీలున్నాయి గానీ, బటు పుతే గ్రామస్థులు సహకార సంఘం పెట్టుకుని ఇళ్లలోనే అతిథుల్ని ఉంచుకుంటున్నారు, నరికేసిన చోట మొక్కలు నాటిస్తున్నారు. వీలైతే వాళ్లింట్లోనే దిగండి, ఒక మొక్క నాటి రండి. ఫొటో కోసం ఇంకాస్త దగ్గరికి పోనివ్వమని మాత్రం సరంగును బతిమాలకండి.