ఇక్కడికే కదా!

పాత బోయిన్‌పల్లిలో డెబ్బై దాటిన పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. రోడ్డు దాటేముందు కుడివైపు చూడాలని మూడో తరగతిలో మాస్టారు చెప్పిన మాటను ఇప్పటికీ తు.చ. తప్పకుండా పాటిస్తారు. మొన్నామధ్య ఒక ఆదివారం పొద్దున్నే సంచీ పట్టుకుని కూరల మార్కెట్ వైపు బయల్దేరారు. మధ్యలో డివైడర్ ఉన్న రోడ్డు. కుడివైపు చూశారు, ఖాళీగా ఉంది. అడుగు ముందుకు వేశారు. ఎడమవైపు నుంచి స్కూటర్ వచ్చింది.

నడిపే కుర్రాడి కాళ్ళ దగ్గర రెండు కొత్తిమీర మోపులు, వెనక సీటు మీద తాడుతో కట్టిన టమాటా ట్రే. బండి పెద్దాయన పంచె అంచుకి జానెడు దూరంలో ఆగింది. ట్రేలోంచి ఒక టమాటా ఎగిరి రోడ్డు మీద పడి పగిలింది. అక్కడిదాకా జరిగినదాని గురించి ఆయనకి పెద్ద పట్టింపు లేదు. ఆ తర్వాత కుర్రాడు "చూస్కోని దాటు అంకుల్!" అని కసిరాడు చూడండి, దానికే ఆయన వారం రోజులు ఉడికిపోయారు. "నువ్వు రాంగ్ రూట్‌లో వస్తూ నన్నంటావేమయ్యా?" అంటే వచ్చిన జవాబు మరీ చిన్నది. "గీడికే అంకుల్." గడ్డంతో ముందున్న సందు చూపించాడు, వెళ్ళిపోయాడు.

గీడికే. ఇక్కడికే. పక్కకే. ఇట్లా పోయి అట్లా వస్తా. బోయిన్‌పల్లిలో ట్రాఫిక్ చట్టానికి ఇంతకన్నా పెద్ద సవరణ పార్లమెంటు కూడా చేయలేదు. హెల్మెట్ ఏదంటే ఇక్కడికే. బండి మీద ముగ్గురెందుకంటే ఇక్కడికే. తొమ్మిదో తరగతి పిల్లాడికి తాళాలిచ్చారేమంటే, పాల ప్యాకెట్‌కే కదా, ఇక్కడికే. 2019 నుంచి అలాంటి పిల్లాడు యాక్సిడెంట్ లాంటి నేరం చేస్తే తండ్రికో, బండి యజమానికో మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా అని చట్టంలో రాసుంది. ఆ తండ్రి మాత్రం "మావాడు అప్పుడే గేర్ల బండి నడిపేస్తున్నాడు" అని ఫంక్షన్లలో చెప్పుకుంటూ ఉంటాడు.

విచిత్రం ఏమిటంటే ఈ "ఇక్కడికే" అనేవాళ్ళ కాళ్ళ కింద ఉన్న రోడ్డు ఇక్కడిది కాదు. తాడ్‌బండ్ దాటి, బోయిన్‌పల్లి చౌరస్తా మీదుగా సుచిత్ర, మేడ్చల్ వైపు సాగే ఈ దారి దేశంలోకెల్లా పొడవైన జాతీయ రహదారిలో ఒక ముక్క. శ్రీనగర్‌లో మొదలై కన్యాకుమారిలో ఆగుతుంది. ఇప్పుడు దాని నంబరు 44, పాతవాళ్ళ నోట్లో ఇంకా సెవెన్ నంబర్ హైవే. తమిళనాడు లారీ, హర్యానా లారీ, నాగపూర్ పోయే బస్సు, మేడ్చల్ పోయే 229 నంబరు సిటీ బస్సు, అన్నీ దీని మీదే. కాశ్మీర్‌కి పోయేవాడెవడూ ఎదురుగా రాడు. ఎదురొచ్చేవాళ్ళందరూ మిర్చి బజ్జీల కోసమో, మందుల షాపు కోసమో బయల్దేరినవాళ్ళే.

రోడ్డు మీద వైపు మారడమంటే, స్వీడన్‌లో ఒకసారి ఒక పెద్ద సంఘటన జరిగింది. ఆ దేశంలో అప్పటిదాకా మనలాగే ఎడమవైపు నడిపేవారు. 1967 సెప్టెంబరు 3 తెల్లవారుజామున బళ్ళన్నీ ఆపించి, మెల్లిగా కుడివైపుకి జరిపించి, సరిగ్గా ఐదింటికి కదలమన్నారు. దాని కోసం ఏళ్ళ తరబడి సన్నాహాలు చేశారు, దేశమంతా బోర్డులు మార్చారు, ప్రచారానికి పాటలు కూడా కట్టించారు. చరిత్రలో గొప్ప ప్రయోగమని ఇవాళ్టికీ చెప్పుకుంటారు. బోయిన్‌పల్లిలో ఆ పని రోజూ పొద్దున ఏడింటికి ఏ సన్నాహమూ లేకుండా జరుగుతుంది. తేడా అల్లా సగంమందే జరుగుతారు, మిగతా సగం పాత వైపే ఉండిపోతారు.

రాంగ్ రూట్ వాళ్ళ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. యూటర్న్ దూరమే. చాలా జంక్షన్లు మూసేసి, ముందుకెళ్ళి తిరిగి రమ్మంటున్నారు. ఎండలో, పొగలో, లారీల మధ్య ఆ కిలోమీటరు ఎవరికైనా విసుగే. ఆ లారీల రద్దీ తగ్గించడానికే ప్యారడైజ్ నుంచి డెయిరీ ఫాం రోడ్డు దాకా 5.32 కిలోమీటర్ల ఎలివేటెడ్ కారిడార్‌కి 2024 మార్చి 9న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేశారు. అంచనా 1,580 కోట్లు. మధ్యలో బేగంపేట విమానాశ్రయం దగ్గర కొంత మేర సొరంగం. రక్షణ శాఖ భూములు కావాలి కనుక ఫైలు ఢిల్లీలో చాలాకాలం నానింది. కారిడార్ పూర్తయితే మేడ్చల్ బళ్ళు పైనుంచి పోతాయి. కింద మిగిలేది మళ్ళీ మనవాళ్ళే, అదే సందు, అదే కొత్తిమీర.

అసలు యూటర్న్ దాకా ఆ కిలోమీటరు ఖరీదెంత? లీటరుకి యాభై ఇచ్చే బండి, లీటరు పెట్రోలు వంద రూపాయల పైమాటే. అంటే రెండు రూపాయల పైచిలుకు. ఇది తెలియక కాదు. ఆ రెండు రూపాయలు మిగుల్చుకోవడంలో ఉన్న తృప్తి వేరు. కిలో వంకాయలు తూయించుకున్నాక చెయ్యి చాచి నాలుగు కరివేపాకు రెబ్బలు లాక్కోకపోతే కొన్నట్టే ఉండదు కదా. దాన్ని కొసరు అంటారు. రాంగ్ రూట్ అంటే రోడ్డు దగ్గర కొసరు తీసుకోవడం. కొసరు అడగనివాణ్ణి మార్కెట్లో చూసినట్టే యూటర్న్ దాకా వెళ్ళేవాణ్ణి ఇక్కడ కాస్త జాలిగా చూస్తారు. కొత్తగా వచ్చాడు పాపం, అన్నట్టు.

హైదరాబాద్ పోలీసులు ఈ కొసరుకి కూడా ధర కట్టారు. 2022 అక్టోబరులో స్టాప్ లైన్ దాటితే 100, ఫ్రీ లెఫ్ట్‌కి అడ్డం నిలబడితే 1,000 అన్నారు. ఆ నవంబరు 28 నుంచి రాంగ్ రూట్‌కి 1,700, ట్రిపుల్ రైడింగ్‌కి 1,200. కొన్నాళ్ళు గీత వెనకాల బళ్ళు బారులు తీరి బుద్ధిగా నిలబడ్డాయి, స్కూలు ప్రార్థనలో పిల్లల్లా.

కానీ ధర అన్నాక డిస్కౌంటు కూడా ఉంటుందని జనానికి తెలుసు. 2022 మార్చిలో పెండింగ్ చలాన్ల మీద తగ్గింపు ప్రకటిస్తే, టూవీలర్ల వాళ్ళు పావు వంతు కట్టి బయటపడ్డారు. 2023 డిసెంబరు 26న మళ్ళీ పెట్టారు. ఈసారి టూవీలర్లకు 80 శాతం, కార్లకు 60, ఆర్టీసీ బస్సులకు, తోపుడు బళ్ళకు 90. జనవరి 10 ఆఖరన్నారు, తర్వాత పొడిగిస్తూ పోయారు. ఆషాఢం సేల్ వస్తుందని జ్యేష్ఠంలో ఎవరు చీర కొంటారు? ఫోన్‌కి చలాన్ మెసేజ్ వస్తే ఇక్కడ ఇప్పుడు ఎవరూ ఉలిక్కిపడరు, పక్కకి తోసి పెట్టుకుంటారు. ఫోటో బాగా వచ్చిందో లేదో మాత్రం చూసుకుంటారు. కేంద్రం 2019 సెప్టెంబరు 1 నుంచి జరిమానాలు బాగా పెంచినా తెలంగాణ అప్పుడు వాటి జోలికి పోలేదు. అప్పట్లో హెల్మెట్ లేకపోతే కేంద్రం లెక్కలో వెయ్యి, ఇక్కడ పాత వందే, పైన యూజర్ ఛార్జీలు 35. నూట ముప్పై ఐదుకి జుట్టు చెదరకుండా ఆఫీసుకి చేరుకోవచ్చంటే చాలామందికి అప్పుడు గిట్టుబాటైన బేరమే.

హెల్మెట్ సంగతి వచ్చింది కనుక, బోయిన్‌పల్లిలో అది ఉండే చోట్లు చూడాలి. మోచేతికి ఉంటుంది. అద్దానికి వేలాడుతుంది. పెట్రోల్ ట్యాంకు మీద కూర్చుని ఉంటుంది. స్కూటర్ అయితే కాళ్ళ మధ్య, కూరల సంచీ పక్కన. నెత్తి మీదకి వచ్చేది చౌరస్తాలో తెల్ల చొక్కా కనబడ్డాక. అప్పుడు కూడా పట్టీ బిగించరు, వేలాడుతూ ఉంటుంది. 129వ సెక్షన్ తలపాగా ధరించే సిక్కులకి మినహాయింపు ఇచ్చింది. సిక్ విలేజ్ అనే ప్రాంతం ఇక్కడికి కూతవేటు దూరంలోనే ఉంది కానీ, మినహాయింపు మాత్రం బోయిన్‌పల్లి అంతా వాడుకుంటోంది. 2022లో దేశంలో హెల్మెట్ లేకుండా ప్రయాణిస్తూ 50,029 మంది పోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. వాళ్ళలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్ళు. పండక్కి పుట్టింటికో, పెళ్ళికో, డాక్టరు దగ్గరికో వెళ్తున్నవాళ్ళు. వెనక కూర్చునేవాళ్ళకి హెల్మెట్ ఎందుకన్నది ఇప్పటికీ చాలా ఇళ్ళలో ప్రశ్నే.

భక్తిలో మాత్రం లోటు లేదు. తాడ్‌బండ్ వీరాంజనేయస్వామి గుడి ముందు కొత్త బండి పూజ చూడాలి. బండికి పూలదండ, హెడ్‌లైట్ మీద కుంకుమ బొట్టు, హ్యాండిల్‌కి నల్లతాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. పూజారి గారు సరే అనగానే కుర్రాడు బండిని ఒక్క అడుగు ముందుకు కదిలిస్తాడు, నిమ్మకాయలు పుటుక్కున చితుకుతాయి, వాళ్ళమ్మ కళ్ళు తుడుచుకుంటుంది. కొత్త బండితోపాటు హెల్మెట్ కూడా ఇవ్వాలని మోటారు వాహనాల నిబంధనల్లో ఉంది. ఇచ్చి ఉంటే అది ఇంట్లో అటక మీద ఉంటుంది. కొబ్బరికాయ చిప్పలు సంచీలో వేసుకుని తల్లి వెనక కూర్చుంటుంది, బండి గుడి ముందునుంచి రోడ్డెక్కుతుంది. ఇల్లు కుడివైపు. యూటర్న్ ఎడమవైపు ముందుకెళ్ళాలి. మొదటి ప్రయాణం కదా, ఎటు తిరిగాడో చెప్పనక్కర్లేదు.

ఈ మనిషే మిలిటరీ గేటు ముందునుంచి పోతున్నప్పుడు వేరే మనిషి. బోయిన్‌పల్లి కంటోన్మెంట్ ప్రాంతం. స్పీడ్ బోర్డు చూస్తాడు, వేగం తగ్గిస్తాడు, హారన్ మీది వేలు తీసేస్తాడు. తుపాకీ పట్టుకున్న జవానుతో "ఇక్కడికే కదా సార్" అన్నవాడు ఇంతవరకు లేడు.

మళ్ళీ మన పెద్దాయన దగ్గరికి వస్తే, కోపం చల్లారాక ఆయన ఒప్పుకున్నదొకటుంది. ఆయన చిన్నతనంలో, వాళ్ళ ఊళ్ళో, చట్టమంటే సైకిల్‌కే. మునిసిపాలిటీకి డబ్బు కడితే చిన్న ఇత్తడి బిళ్ళ ఇచ్చేవారు, దాన్ని సైకిల్‌కి బిగించాలి. బిళ్ళ లేకపోతే తప్పు. చీకటి పడ్డాక దీపం లేకపోతే తప్పు. డబుల్స్ తొక్కితే పెద్ద తప్పు. పట్టుకుంటే కానిస్టేబుల్ కోర్టూ గీర్టూ అనకుండా ముందు టైర్లో గాలి తీసేసేవాడు. సూది తిప్పుతుంటే 'బుస్'మనే చప్పుడు, ఆ తర్వాత రెండు మైళ్ళు సైకిల్ తోసుకుంటూ నడక. అంతకన్నా నమ్మకమైన జరిమానా ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదని ఆయన అభిప్రాయం. దానికి డిస్కౌంటు లేదు, గాలికి పెండింగ్ లేదు.

మరి అప్పుడందరూ బుద్ధిమంతులేనా అంటే ఆయన నవ్వుతారు. సెకండ్ షో సినిమాకి ఆయనా, ఒక స్నేహితుడూ ఒకే సైకిల్ మీద బయల్దేరేవారు. పోలీసు ఉండే మూల రాగానే వెనకవాడు దిగిపోయి, ఏమీ ఎరగనట్టు జేబులో చేతులు పెట్టుకుని, ఈల వేసుకుంటూ నడిచి దాటేవాడు. మూల తిరగ్గానే మళ్ళీ ఎక్కేవాడు. నూనె దీపం తలనొప్పి ఇంకొకటి. గాలికి ఆరిపోతుంది, అగ్గిపెట్టె ఖర్చు. అసలు వెలిగించకుండానే వచ్చి, "ఇప్పుడే ఆరిపోయింది సార్" అనేవారు. అనుభవమున్న కానిస్టేబుల్ ఏమీ మాట్లాడకుండా దీపం గాజు మీద చెయ్యి వేసి చూసేవాడు. చల్లగా తగిలితే సూది తిప్పేవాడు. అందుకని ఈయన, ఈయన స్నేహితుడు మలుపు ముందు ఆగి, దీపం ఒక్క నిమిషం వెలిగించి, గాజు వేడెక్కాక ఊదేసి, అప్పుడు వెళ్ళి పట్టుబడేవారు. అంత శ్రమపడేవాళ్ళు దీపం వెలిగించుకునే రావచ్చు కదా అని మనవరాలు అడిగితే, "సినిమా హాలు పక్కనే కదే" అన్నారట.

ఆ మాట అన్నాక ఆయన కాసేపు మాట్లాడలేదు.

మరుసటి ఆదివారం మళ్ళీ అదే చోట నిలబడ్డారు. ఈసారి ముందు ఎడమవైపు చూశారు. అదే స్కూటరో, దాని చుట్టమో, అదే రాంగ్ రూట్‌లో వస్తోంది. ఈసారి మునగకాడల కట్ట. ఆయన వెనక్కి తగ్గి దారిచ్చారు. బండి దగ్గరికి వచ్చాక చూస్తే సైడ్ స్టాండ్ కిందకే ఉంది, పైకి తీయడం మరిచిపోయాడు. ఈ ఊళ్ళో ఎవడి మీద ఎంత కోపమున్నా ఈ ఒక్కటి చూసి చెప్పకుండా ఉన్నవాళ్ళు లేరు. ఆటోవాళ్ళు అరుస్తారు, బస్సు కిటికీలోంచి తలకాయలు బయటికొచ్చి అరుస్తాయి, ఆడవాళ్ళ చున్నీ చక్రం వైపు జారుతుంటే ఎదురొచ్చే బళ్ళన్నీ ఆపి మరీ చెబుతారు.

"బాబూ, స్టాండ్! స్టాండ్!" అని పెద్దాయన సంచీ ఊపుతూ గట్టిగా అరిచారు.

కుర్రాడు మడమతో స్టాండ్ పైకి తన్నాడు, చెయ్యెత్తి "థ్యాంక్స్ అంకుల్" అన్నాడు, అదే వైపున ముందుకు వెళ్ళిపోయాడు.